బాపు వీలునామా ఏఐతో రాయించాను, ప్రింట్ తీసి సంతకం పెట్టిస్తే చెల్లుతుందా?

పరకాల రైతుబిడ్డ:
అందరికీ నమస్తే. మాది పరకాల దగ్గర ఊరు, నేను హనుమకొండలో ఉంటాను. బాపుకు 70 దాటాయి, ఆరోగ్యం బాగానే ఉంది, కానీ తన తర్వాత మేం కొట్లాడుకోవద్దని వీలునామా రాసి పెడతానంటున్నాడు. ఊళ్లో రెండెకరాల పన్నెండు గుంటల భూమి ఉంది, హనుమకొండలో బాపు కొన్న 200 గజాల ప్లాటు ఉంది. మేం ఇద్దరం అన్నదమ్ములం, ఒక అక్క. ఫోన్‌లో ఏఐ యాప్‌కు బాపు చెప్పింది చెప్పినట్టు చెబితే నిమిషంలో నాలుగు పేజీలు తెలుగులో రాసిచ్చింది, చూస్తే అచ్చం రిజిస్ట్రేషన్ ఆఫీసు కాగితమే. అక్కకు పెళ్లప్పుడు ఇచ్చేశాం కాబట్టి భూమి కొడుకులకు, ప్లాటులో అక్కకు కొంత అని ఉంది. వంద రూపాయల బాండ్ పేపర్ మీద ప్రింట్ తీసి నోటరీ చేయించాలని కూడా చెప్పింది. అంతేనా, ఇంకేమైనా చేయాలా? అక్కకు అన్యాయం చేయాలని మాకెవరికీ లేదు, ఆ కాగితం రేపు నిలబడితే చాలు.

కోర్టు జూనియర్, హనుమకొండ:
తమ్ముడూ, వీలునామాకు బాండ్ పేపర్ అక్కర్లేదు, తెల్ల కాగితం చాలు. నోటరీని కూడా చట్టం అడగదు. అడిగేది సాక్షులను. 1925 నాటి భారత వారసత్వ చట్టం 63వ సెక్షన్ ప్రకారం కనీసం ఇద్దరు సాక్షులు ఉండాలి, బాపు సంతకం పెట్టడం వాళ్లు కళ్లారా చూడాలి, లేదా ఇది నా సంతకమేనని బాపు వాళ్లకు చెప్పాలి, ఆ తర్వాత ఆయన ఎదురుగానే వాళ్లు సంతకాలు చేయాలి. రేపు ఎవరైనా కోర్టుకెక్కితే ఆ ఇద్దరిలో బతికున్న ఒకరైనా వచ్చి సాక్ష్యం చెప్పాలి, కాబట్టి బాపు ఈడు వాళ్లను కాకుండా వయసులో చిన్నవాళ్లను, ఊరు వదిలిపోని వాళ్లను పెట్టుకోండి. నోటరీ ముద్ర పడింది కదా అని సాక్షుల సంతకాలు తర్వాత వాళ్ల ఇళ్లకు పోయి తీసుకునే వాళ్లున్నారు, అట్లాంటి వీలునామా కోర్టులో నిలబడదు.

ఇంకో మాట, యాప్ రాసిన దాంట్లో భూమి గురించి "నా స్వార్జితం" అని ఉందా? ఉంటే ఆ భూమి బాపుకు ఎట్లా వచ్చిందో ముందు చెప్పు.

పరకాల రైతుబిడ్డ:
ఉందన్నా, మొత్తం ఆస్తి స్వార్జితం అనే రాసింది. ప్లాటు వరకు నిజమే, భూమి మాత్రం తాత నుంచి వచ్చింది. యాప్ ఆ సంగతి నన్ను అడగనే లేదు. ఇప్పుడు మళ్లీ చదివితే హద్దుల్లో తూర్పున రోడ్డు అని కనిపించింది, మా చేనుకు తూర్పున కాలువ ఉంటుంది, అసలు నేను హద్దులే ఇవ్వలేదు.

కోర్టు జూనియర్, హనుమకొండ:
నేను భయపడేది దీనికే. ఖాళీ కనిపిస్తే అది ఏదో ఒకటి నింపేస్తుంది, నింపానని చెప్పదు. తాత ఆ భూమిని సొంతంగా కొని, 1956 హిందూ వారసత్వ చట్టం వచ్చాక చనిపోయి ఉంటే బాపుకు వచ్చిన వాటా ఆయన సొంతమే, ఇష్టమొచ్చినట్టు రాసుకోవచ్చు. అట్లా కాకుండా ముత్తాత కాలం నుంచి వస్తున్న ఉమ్మడి ఆస్తి అయితే, అదే చట్టానికి 2005లో వచ్చిన సవరణ వల్ల మీ అక్కకు పుట్టుకతోనే మీతో సమానంగా హక్కు ఉంటుంది. 2020లో వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు కూడా అదే తేల్చింది. అప్పుడు బాపు తన వాటా వరకే వీలునామా రాయగలడు, మిగతాది ఎంత అందంగా రాసినా చెల్లదు. పెళ్లికి పెట్టిన బంగారం, కట్నం ఆ హక్కును తీసేయవు.

దస్తావేజు రాసేవాడిని, వరంగల్:
వకీలు గారు చెప్పింది నిజం. నేను విస్తీర్ణం గురించి చెబుతాను, ఒకసారి సరిచూసుకోండి. పాస్‌బుక్‌లో మీ భూమి 2.12 అని ఉంటుంది, అంటే రెండెకరాల పన్నెండు గుంటలు. ఏఐలు దాన్ని దశాంశం అనుకుని 212 సెంట్లు అని రాయడం నేను చూశాను. ఎకరమంటే 40 గుంటలు, సెంట్లలో అయితే 100, కాబట్టి మీ భూమి నిజానికి 230 సెంట్లు, ఆ ఒక్క అంకెతో ఏడు గుంటలకు పైగా పోతాయి! సెంట్ల లెక్క ఆంధ్రలో వాడతారు, మన కాగితాల్లో ఎకరాలు, గుంటలే ఉండాలి. భూమి రికార్డుల గురించి రాసినచోట ధరణి అని పాత పేరు ఉంటే అది కూడా మార్చండి, 2025 నుంచి దాని స్థానంలో భూభారతి చట్టం నడుస్తోంది. వీలునామాకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాకపోయినా చేయించుకుంటే మంచిది, ఎప్పుడైనా చేయించవచ్చు, పెద్దాయన కదల్లేకపోతే సబ్ రిజిస్ట్రార్‌నే ఇంటికి రమ్మని దరఖాస్తు పెట్టుకోవచ్చు.

జగిత్యాల ఆడపడుచు:
తమ్ముడూ, నేను వకీలును కాదు, అక్క స్థానంలో ఉన్నదాన్ని కాబట్టి రాస్తున్నాను. నాన్న పోయిన తర్వాత ఒక కాగితం చూపించి ఇదిగో నాన్న రాశాడంటే ఏ ఆడపిల్లకైనా కడుపు మండుతుంది, వాటా ఎంత అన్నది తర్వాత, నన్ను పిలవలేదన్న బాధ ముందు. బాపు ఉండగానే అక్కను ఇంటికి పిలిచి ఆయన నోటితోనే చెప్పించండి. అక్కకు తన హక్కు ఏమిటో విడిగా తెలుసుకునే దారి కూడా చెప్పండి, ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా జిల్లా న్యాయసేవాధికార సంస్థలో ఉచితంగా వకీలును ఇస్తారు, 15100కు ఫోన్ చేసినా చెబుతారు. ఆధార్ నంబర్లు, సర్వే నంబర్లు ఆ యాప్‌లో పెట్టి ఉంటే ఆ సంభాషణ తీసేయండి.

పరకాల రైతుబిడ్డ:
అక్కా, మంచి మాట చెప్పావు, ఈ ఆదివారమే అక్కను, బావను రమ్మంటాం. అన్నా, ఒక డౌట్. వకీలు దగ్గరికి పోయే ముందు ఏఐతో ఏ పనీ చేయొద్దంటారా?

కోర్టు జూనియర్, హనుమకొండ:
చేయించు, కానీ రాయడం కాదు. ఈ ఆస్తి గురించి వకీలు నన్ను ఏమేం అడుగుతాడో చెప్పమని అడుగు, అందులో పనికొచ్చేవి చాలా వస్తాయి. వీలునామాలో తీర్పుల పేర్లు ఇరికిస్తే నమ్మకు, లేని తీర్పులను ఉన్నట్టు రాయడం దానికి అలవాటు, 2023లో న్యూయార్క్ కోర్టు ఇట్లాంటి తీర్పులు దాఖలు చేసిన లాయర్లకు 5,000 డాలర్ల జరిమానా వేసింది. ఇంకోటి, ఆ తెలుగు బాపుకు ఒకసారి చదివి వినిపించు. ఆయనకు అర్థం కాని మాట ఒక్కటి ఉన్నా మార్పించు, ఎందుకంటే తెలియకుండా సంతకం పెట్టించారని అనడానికి అవతలి వకీలుకు అదే దొరుకుతుంది. వచ్చేటప్పుడు పాస్‌బుక్, ప్లాటు రిజిస్ట్రేషన్ కాగితం, తాత మరణ ధ్రువీకరణ పత్రం పట్టుకురా, 1954-55 ఖాస్రా పహాణీ అనే పాత భూమి రికార్డు నకలు కూడా తీయించు, అప్పట్లో భూమి ఎవరి పేరున ఉందో అందులో తెలుస్తుంది.