ముంగారి వాన, హింగారి వాన: సీసాలో పట్టిన నీళ్లలో తేడా తెలుస్తుందా?

కళ్యాణదుర్గం_వాన:

అందరికీ నమస్కారం. మాది అనంతపురం జిల్లా, కళ్యాణదుర్గం దగ్గర పల్లె. హైస్కూల్లో ఫిజిక్స్ చెబుతాను. మా మిద్దె మీద నాయన పెట్టుకున్న వానకొలత డబ్బా ఒకటుంది. 1996 నుంచి, వాన పడిన ప్రతిరోజూ పొద్దున ఎనిమిదిన్నరకు మెట్లెక్కి చూసొచ్చి నోటుబుక్కులో రాస్తాడు. పడకపోతే ఆ రోజు దగ్గర గీత పెడతాడు. మా జిల్లా సంగతి తెలిసిందే కదా, ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లు. పుస్తకంలో గీతలే ఎక్కువ.

ఆయన ఎప్పుడూ అనే మాట: "ముంగారి నీళ్లు వేరమ్మా, హింగారి నీళ్లు వేరు." ముంగారి, అంటే జూన్‌లో మొదలయ్యే నైరుతి వాన, పడమటి నుంచి వస్తుంది, గాలి జాస్తి, చినుకు పలచన. నేల వాసన లేచేంత పడి పోతుంది. హింగారి, అంటే అక్టోబరు తర్వాతి ఈశాన్య వాన, తూరుపు నుంచి వస్తుంది, తుపాను పట్టిందంటే రెండు రోజులు ముసురే. బుడ్డలు (వేరుశెనగ) విత్తడానికి పదును ఇచ్చేది మొదటిది, చెరువులోకి నీళ్లు తెచ్చేది రెండోది. నేను ఆ మాటను సామెతలాగే వింటూ పెరిగాను.

రెండేళ్ల కిందట అనంతపురంలో టీచర్ల శిక్షణలో ఒక లెక్చరర్ చెప్పాడు, నీళ్లలో బరువైన ఆక్సిజన్, బరువైన హైడ్రోజన్ ఎంత ఉన్నాయో కొలిస్తే ఆ వాన ఎలా వచ్చిందో చెప్పొచ్చు అని. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నాయన మాటకు లెక్క దొరుకుతుందా అని. మరుసటి వాన నుంచే పట్టడం మొదలుపెట్టాను. కొలత చూశాక డబ్బాలో నీళ్లను ఖాళీ కూల్‌డ్రింక్ సీసాల్లో పోసి, మూత బిగించి, తేదీ, మిల్లీమీటర్లు రాసిన చీటీ అంటించి, లోపలి గదిలో బుడ్డల మూటల వెనక పెట్టాను. ఇప్పటికి 31 సీసాలు.

పోయిన వారం అన్నీ బయటికి తీశాను. మొదటి ఏడాది హింగారిలో, స్వాతి కార్తెలో పడిన 62 మి.మీ. వాన సీసాను మెడ దాకా నింపిన గుర్తు ఉంది. ఇప్పుడు రెండు వేళ్లు దిగింది. మూత బిగువుగానే ఉంది, కింద తడి లేదు. ఇంకో మూడు సీసాల్లో కూడా కొంచెం తగ్గింది. మనసు కలుక్కుమంది. ఇవి పనికొస్తాయా? అసలు ముంగారికీ హింగారికీ తేడా కనబడుతుందా? ఎవరికైనా ఈ పని తెలిసుంటే చెప్పండి.

పెన్నా_ఒడ్డు:

అమ్మా, మాది ప్రొద్దుటూరు. పదకొండేళ్లు ఒక ఐసోటోప్ ల్యాబులో మాస్ స్పెక్ట్రోమీటర్ దగ్గర పని చేశాను. ఒకే మూలకంలో బరువు తేడా ఉన్న పరమాణువులే ఐసోటోపులు, వాటిని బరువును బట్టి వేరుచేసి లెక్కపెట్టే యంత్రం అది. ఎన్నో రాష్ట్రాల వాన నీళ్లు నా చేతుల మీదుగా పోయాయి, మన సీమ నీళ్లు మాత్రం చాలా తక్కువ వచ్చేవి. అందుకే మీ పోస్టు చదివి ఉన్నపళాన రాస్తున్నాను.

ముందు నాయన మాట గురించి. ఆయన చెప్పింది నిజం. ఎందుకో చెబుతా.

ఏ నీళ్లలోనైనా ఆక్సిజన్ పరమాణువులు పదివేలు లెక్కపెడితే అందులో సుమారు 20 మాత్రమే 18 బరువుతో ఉంటాయి, మిగతావి దాదాపు అన్నీ 16. హైడ్రోజన్లో అయితే లక్షకు 15, 16 మాత్రమే బరువైనవి, వాటినే డ్యుటీరియం అంటారు. ఇవి కాలంతో క్షీణించేవి కావు, రేడియేషన్ ఏమీ ఉండదు, తాగే నీళ్లలోనే ఉన్నాయి. సముద్రం ఆవిరయ్యేటప్పుడు తేలిక నీళ్లు కొంచెం ముందు లేస్తాయి. మేఘం కురిసేటప్పుడు బరువైనవి కొంచెం ముందు దిగుతాయి. ఆ "కొంచెం" లోనే కథంతా ఉంది. కురుస్తూ కురుస్తూ వచ్చిన మేఘంలో మిగిలేది తేలిక ఆవిరి. దాని చివరి వాన తేలిక వాన. ఈ తేడాను సముద్రపు నీటి ప్రమాణంతో పోల్చి వెయ్యికి ఎంత అని చెబుతారు. ఆ ప్రమాణపు నీళ్లను వియన్నాలోని అంతర్జాతీయ అణుశక్తి సంస్థ ల్యాబులకు పంపుతుంది. చిన్న సీసాలో వచ్చిన ఆ నీళ్లను మేము బంగారం లాగా వాడేవాళ్లం.

ఇప్పుడు మీ మిద్దె మీదికి రండి. ముంగారి మేఘం పడమటి కనుమల మీద బాగా కురిసి, మన దగ్గరికి వచ్చేసరికి పలచబడుతుంది. ఆ లెక్కన తేలికగా ఉండాలి, కానీ పలచని చినుకు మన ఎండుగాలిలో కిలోమీటరు, రెండు కిలోమీటర్లు దిగాలి. దిగుతూనే సగం ఆరిపోతుంది. ఆరేటప్పుడు తేలికవి పోయి బరువైనవి మిగులుతాయి. అందుకే ముంగారిలో చిన్న చినుకుల నీళ్లు సాధారణంగా బరువు. హింగారి వాన బంగాళాఖాతంలో పెద్ద వ్యవస్థగా కట్టుకుని, దారిపొడవునా గంటలు గంటలు కురుస్తూ వస్తుంది. పైగా గంగ, బ్రహ్మపుత్ర నీళ్లు వచ్చి కలిసే ఆ సముద్రపు పైపొరే కాస్త తేలిక. దక్షిణాదిలో పట్టిన వానల్లో అక్టోబరు, నవంబరు నీళ్లు జూన్, జులై నీళ్ల కంటే తేలికగా రావడం చాలాచోట్ల చూశారు. ఒక్క హెచ్చరిక: ఒక్కో సీసాను చూసి "ఇది అరేబియా, ఇది బంగాళాఖాతం" అని తీర్పు చెప్పకండి. మే నెలలో తుపాను పట్టినా తేలిక నీళ్లే వస్తాయి. ఎక్కడి నుంచి వచ్చింది అనే దానికంటే ఎంత కురిసి వచ్చింది అనేదే మన ఉష్ణమండలంలో బలంగా కనబడుతుంది.

ఇక సీసాల సంగతి. ఇది చెప్పడానికి నాకు బాధగానే ఉంది. రెండు వేళ్లు దిగిన సీసాను పక్కన పెట్టండి. పలచని కూల్‌డ్రింక్ ప్లాస్టిక్‌లోంచి ఆవిరి మెల్లగా బయటికి పోతుంది, మూత ఎంత బిగించినా సరే. పదో వంతు నీళ్లు పోయినా మిగిలిన నీళ్ల ఆక్సిజన్ విలువ వెయ్యికి ఒకటికి మించి జరగొచ్చు. యంత్రం వెయ్యికి 0.1 తేడాను కూడా పట్టేస్తుంది. అంటే అది హింగారి సీసా అయినా మనకు ముంగారిలా అబద్ధం చెబుతుంది. తగ్గిన మిగతా మూడింటి మీద "అనుమానం" అని రాయండి, పారబోయొద్దు. ఆక్సిజన్, డ్యుటీరియం రెండూ కొలిస్తే దొంగ దొరుకుతాడు. హార్మన్ క్రెయిగ్ అనే అమెరికా శాస్త్రవేత్త 1961లో ప్రపంచం నలుమూలల నీళ్లను కొలిచి చూపించాడు, వాన నీళ్లన్నీ దాదాపు ఒకే గీత మీద పడతాయని: డ్యుటీరియం విలువ = 8 × ఆక్సిజన్-18 విలువ + 10. ఆరిన నీళ్లు ఆ గీత విడిచి కిందికి జారతాయి. ఎండాకాలం చెరువు నీళ్లు కూడా అంతే. అందుకే బోరులోకి చెరువు నీళ్లు దిగుతున్నాయా, వాన నీళ్లు నేరుగా దిగుతున్నాయా అనేది ఇదే పద్ధతిలో చూస్తారు. మన జిల్లాల్లో ఇంతకంటే అక్కరకొచ్చే ప్రశ్న ఇంకొకటి నాకు తోచదు.

వచ్చే వాన నుంచి ఇలా చేయండి. గరాటు, సీసా, గరాటు కాడ నుంచి సీసా అడుగు దాకా సన్నని ప్లాస్టిక్ గొట్టం. మొదటి చినుకులు పడగానే గొట్టం కొస నీళ్లలో మునుగుతుంది, ఇక నీళ్లకు గాలి తగిలేది గొట్టం లోపల మాత్రమే. సెలైన్ పెట్టే గొట్టం సరిపోతుంది. నీళ్ల మీద పారఫిన్ నూనె పోసే పద్ధతి ఒకటుంది, కానీ ఇదే కొలతను లేజర్‌తో చేసే యంత్రాల వాళ్లు నూనె వాసన తగిలితే ఒప్పుకోరు. పొద్దున కొలత చూసిన వెంటనే మందపాటి చిన్న సీసాలోకి అంచుదాకా నింపి, లోపల గాలిబుడగ లేకుండా మూత పెట్టి, మూత చుట్టూ టేపు చుట్టి చీకట్లో ఉంచండి. వడగట్టొద్దు, కాచొద్దు, ఏ మందూ కలపొద్దు. కొలవడానికి యంత్రానికి కావాల్సింది ఒకటి రెండు మిల్లీలీటర్లే.

చివరగా, నాయన నోటుబుక్కు సీసాల కంటే విలువైంది. 2 మి.మీ. పడిన రోజునూ 62 మి.మీ. పడిన రోజునూ సమానంగా కలిపి సగటు తీస్తే తప్పు. ఎంత పడిందో అంత తూకం వేసి తీయాలి. మిల్లీమీటర్లు రాయని సీసాలు మా ల్యాబుకు ఎన్నో వచ్చేవి. వాటితో సగం పనే అయ్యేది. డాన్స్‌గార్డ్ అనే డెన్మార్క్ శాస్త్రవేత్త 1952లో కోపెన్‌హాగెన్‌లో తన ఇంటి ముందు గడ్డిలో బీరు సీసాకు గరాటు పెట్టి వాన పట్టాడు. అక్కడ మొదలైన ఆలోచనే గ్రీన్‌లాండ్ మంచులో పాత కాలాల చలిని చదవడం దాకా పోయింది. మీ మిద్దె ఆయన గడ్డికి ఏమీ తీసిపోదు.

కళ్యాణదుర్గం_వాన:

పెన్నా_ఒడ్డు అన్నా, ఇంత ఓపిగ్గా రాసినందుకు ఎలా చెప్పుకోవాలో తెలియడం లేదు. మీరు రాసిందంతా నాయనకు చదివి వినిపించాను. "చినుకు దిగుతూ దిగుతూ ఆరిపోతుంది" అన్న చోట ఆపమన్నాడు. చిన్నప్పుడు చేలో నిలబడి చూస్తే, దూరంగా మబ్బు నుంచి వాన తెర దిగుతూ నేల తాకకుండానే మాసిపోయేదట. "అది నేను కళ్లారా చూసిందే" అన్నాడు.

స్వాతి సీసా పక్కన పెట్టేశాను. ఒక సంగతి అడగాలి. నోటుబుక్కు వెనక్కి 1996 దాకానే పోతుంది. అంతకు ముందు, నాయన తాతల కాలంలో, ఇంకా వెనక, మన దగ్గర వానలు ఎలా ఉండేవో ఈ ఐసోటోపులతో తెలుసుకునే దారి ఉందా? గ్రీన్‌లాండ్‌లో మంచు ఉంది. మన దగ్గర ఏముంది?

బేతంచెర్ల_నాపరాయి:

అక్కా, మన దగ్గర గుహలున్నాయి.

మాది బేతంచెర్ల. నాపరాయి గనుల మధ్య పెరిగాను. మా సున్నపురాయి అంతా బొరియలమయం. కొలిమిగుండ్ల దగ్గర బెలుం గుహలు చూసే ఉంటారు, 3,229 మీటర్ల పొడవు. రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే బ్రిటిష్ భూగర్భ శాస్త్రవేత్త 1884లో వాటి గురించి రాశాడు, 1982, 83లో జర్మన్ బృందం లోపలంతా కొలిచింది. లోపలికి పోతే ఉక్కపోతకు చొక్కా ఒంటికి అతుక్కుంటుంది. అక్కడ నిలబడి పైకి చూడండి. చుక్క వేలాడుతూ ఉంటుంది, పడదు, పడదు, పడదు, ఎప్పటికో టప్ మంటుంది. ఆ చుక్క వాన నీళ్లు మట్టిలో దిగి, సున్నం కరిగించుకుని వచ్చింది. పడిన చోట పిసరంత సున్నం వదిలిపోతుంది. అలా కిందినుంచి లేచే రాతి మొలకలో పొరమీద పొర. ప్రతి పొరలో ఆనాటి వాన నీళ్ల ఆక్సిజన్ గుర్తు ఉంటుంది. పొరలోని యురేనియం మెల్లగా థోరియంగా మారే లెక్కతో వయసు కడతారు.

మా ఉమ్మడి కర్నూలు జిల్లా వాల్మీకి గుహ నుంచి తీసిన ఒక రాతి మొలకను హైదరాబాద్ ఎన్‌జీఆర్‌ఐ (జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ) శాస్త్రవేత్తలు ఇలాగే చదివారు. సుమారు 15,700 నుంచి 14,700 ఏళ్ల కిందటి దాకా, వెయ్యేళ్ల రుతుపవనాల ఎగుడుదిగుడులు అందులో దొరికాయి. మంచుయుగం నుంచి భూమి బయటపడుతున్న కాలం అది. మేఘాలయలో మావ్‌మ్లూ గుహ రాయిలో 4,200 ఏళ్ల కిందట వానలు తగ్గిన గుర్తు అంత స్పష్టంగా ఉండబట్టే 2018లో మనం బతుకుతున్న భూయుగానికి మేఘాలయన్ అని పేరు పెట్టారు.

ఇక్కడ సముద్రం కూడా లెక్కలోకి వస్తుంది. మంచుయుగం ముదిరినప్పుడు, సుమారు 20 వేల ఏళ్ల కిందట, తేలిక నీళ్లు పోయి ధ్రువాల దగ్గర మంచుగా గడ్డకట్టాయి. సముద్రం ఇప్పటికంటే సుమారు 120 మీటర్లు దిగింది, మిగిలిన నీళ్లు వెయ్యికి ఒకటి చొప్పున బరువెక్కాయి. ఆ సంగతి సముద్రం అడుగున పేరుకున్న సన్నని గవ్వల్లో దొరుకుతుంది. కర్నూలు గుహలో పాత పొర చదివేవాడు ముందు ఆ సముద్రపు బరువును తీసేసి, మిగిలిందే వాన కథ అనుకోవాలి. మీ సీసాలు ఇక్కడే పనికొస్తాయి. ఈనాటి ముంగారి నీళ్లు ఎలా ఉంటాయో, హింగారి నీళ్లు ఎలా ఉంటాయో సీమలో ఎవరైనా పట్టి పెడితేనే గుహలో పొరకు అర్థం చెప్పగలం.

రాళ్లలో కార్బన్ కూడా చూస్తారు. మన వైపు గడ్డిలాగే జొన్న, కొర్ర ఒక తీరులో కార్బన్ పట్టుకుంటాయి, చెట్లలాగే బుడ్డలు, కంది ఇంకో తీరులో. గుహ పైన గడ్డి ఉందా చెట్లున్నాయా అన్న జాడ కొంత దొరుకుతుంది.

ఒక్క మనవి, ఇది చదివే అందరికీ. గుహలకు పోయినప్పుడు రాతి మొలకలు విరిచి ఇంటికి తెచ్చుకోకండి. బిలాల్లో మోకాలెత్తు మొలకలు విరిగి పడి ఉండటం నేను చూశాను. ఒక్కోదానికి వేల ఏళ్లు పట్టి ఉంటుంది.

పెన్నా_ఒడ్డు:

బాగా చెప్పావు తమ్ముడూ. టీచరమ్మా, ఒక ఏడాది ముంగారి, హింగారి రెండూ పూర్తిగా పట్టాక చెప్పండి. అహ్మదాబాద్ పీఆర్ఎల్ (భౌతిక పరిశోధన ప్రయోగశాల), హైదరాబాద్ ఎన్‌జీఆర్‌ఐ, రూర్కీ జలవిజ్ఞాన సంస్థ లాంటి చోట్ల ఈ యంత్రాలు ఉన్నాయి. నోటుబుక్కు పేజీల ఫొటోలు జతచేసి ఉత్తరం రాద్దాం. ఉత్తరం నేను రాసిపెడతాను.

కళ్యాణదుర్గం_వాన:

నిన్న రాత్రి 14 మి.మీ. పడింది. మెడికల్ షాపులో సెలైన్ గొట్టం తెచ్చి నాయనే గరాటుకు బిగించాడు. పొద్దున ఎనిమిదిన్నరకు నేను లేచి పైకి పోయేసరికి సీసా నింపి, బుడగ లేకుండా ఉందో లేదో వెలుతురుకు పెట్టి చూస్తున్నాడు. చీటీ మీద 1 అని వేశాం.