మాస్క్ పడని మనిషికి సీపాప్ బలవంతంగా పెట్టించడం కరెక్టేనా?

తెనాలి_పెద్దమ్మాయి:
అందరికీ నమస్తే. మా ఇంట్లో రోజూ ఇదే గొడవ, బయటివాళ్ళు ఏమంటారో తెలుసుకుందామని పెడుతున్నా. మా నాన్నకి 57, స్కూల్ బస్సు నడుపుతారు. గురక నా చిన్నప్పట్నుంచీ ఉన్నదే గానీ ఈమధ్య గురక మధ్యలో ఊపిరి ఆగిపోయి మళ్ళీ ఉలిక్కిపడి లేస్తున్నారని అమ్మ హడలిపోతే గుంటూరు తీసుకెళ్ళి స్లీప్ స్టడీ చేయించాం, స్లీప్ అప్నియా, అంటే నిద్రలో ఊపిరి ఆగే జబ్బు అన్నారు. ఏహెచ్‌ఐ 46 వచ్చింది, అంటే గంటకి 46 సార్లు ఊపిరి ఆగడమో బాగా తగ్గిపోవడమో జరుగుతోందట, 30 దాటితేనే సివియర్ అంటారంట. డాక్టర్ గారు ఆటో సీపాప్ రాశారు, అంటే మాస్క్ గుండా ప్రెషర్‌తో గాలి పంపి గొంతు మూసుకుపోకుండా చూసే మిషను, మిషను మాస్కు కలిపి 50 వేల దాకా అయ్యింది. నెల దాటింది, పెట్టుకున్న కాసేపటికే ఊపిరాడట్లేదమ్మా అంటారు, అర్ధరాత్రి అమ్మ లేచి చూస్తే మాస్క్ మంచం కింద ఉంటుంది. తమ్ముడేమో ఆయన్ని చిత్రహింస పెట్టొద్దు, బరువు తగ్గితే అదే పోతుంది, ప్రాణాయామం చేయిద్దాం అంటాడు. నేను పెట్టుకోవాల్సిందే అంటా. అమ్మ ఇద్దరి మధ్యా నలిగిపోతోంది. పడని దాన్ని రోజూ బతిమాలి తిట్టి పెట్టించడం న్యాయమేనా, మానిపించేసి వేరే దారి చూసుకోవాలా? మీ ఇళ్ళలో ఏం చేశారో చెప్పండి ప్లీజ్.

కరీంనగర్_అన్న:
చెల్లె, బలవంతం అస్సలు వద్దు. నాకు ఏహెచ్‌ఐ 22 ఉండె. మాస్క్ పెట్టుకుంటే నిద్రే పట్టకపోయేది, పొద్దుగాల లేస్తే పెట్టుకోకముందు కన్నా ఎక్కువ అలసట. గందుకే దాన్ని పక్కకు పెట్టేసి రాత్రి అన్నం బంద్ చేసిన, పొద్దుగాల నడక మొదలుపెట్టిన, 14 కిలోలు తగ్గిన, ఎల్లెలకల పండుడు మానేసి పక్కకు తిరిగి పంటున్న. మళ్ళ టెస్ట్ చేపిస్తే 7 వచ్చింది, ఇప్పుడు మిషన్ అల్మారాల ఉన్నది. మీ తమ్ముడు చెప్పేదాంట్ల తప్పేం లేదు. పెద్దమనిషిని పండుకునే యాళ్ళకు కూడ పరేషాన్ చేస్తే ఆయనకు మంచం అంటేనే భయం పుడుతది.

స్లీప్_ల్యాబ్_వైజాగ్:
నేను ఒక స్లీప్ ల్యాబ్‌లో టెక్నీషియన్ని. "పడట్లేదు" అనే మాట డ్యూటీలో రోజూ వింటాను కాబట్టి కొంచెం వివరంగా రాస్తున్నా, ఓపిగ్గా చదవండి. పడట్లేదు అన్నవాళ్ళని కూర్చోబెట్టి అడిగితే ఒక్కొక్కరికి ఒక్కో కారణం ఉంటుంది, చాలావరకు సరిచేయగలిగేవే.

మీ నాన్నగారు "ఊపిరాడట్లేదు" అన్నారు చూడండి, ముందు అదే పట్టుకోండి. మిషన్ ఆన్ చేయగానే ర్యాంప్ అని ఒకటి ఉంటుంది, గాలి తక్కువ ప్రెషర్‌తో మొదలై మెల్లగా పెరుగుతుంది. చాలా మిషన్లలో అది 4 (సెంటీమీటర్ల నీటి ప్రెషర్ లెక్కలో) దగ్గర మొదలవుతుంది, మెత్తగా ఉంటుందని అలాగే వదిలేస్తారు, కానీ కాస్త భారీ మనిషికి 4 దగ్గర గాలి చాలదు, లోపల ఉక్కిరిబిక్కిరి అయ్యి మాస్క్ పీకేస్తారు. ప్రెషర్ ఎక్కువై ఊపిరాడట్లేదేమో అని ఇంట్లోవాళ్ళు అనుకుంటారు, అసలు సంగతి అది తక్కువవడం. డాక్టర్ గారిని అడిగి మొదలయ్యే ప్రెషర్ 6కో 7కో పెంచించి చూడండి. ఊపిరి వదిలేటప్పుడు ఎదురు కొడుతోంది అంటే దానికి వేరే సెట్టింగ్ ఉంది, వదిలేటప్పుడు ప్రెషర్ కొంచెం తగ్గేలా పెట్టొచ్చు. మీ అంతట మీరు మెనూలోకి వెళ్ళి మార్చకండి, కొందరికి ప్రెషర్ తేడా వస్తే మెదడు ఊపిరి తీసుకోమని చెప్పడమే ఆలస్యం చేసే రకం అప్నియా బయటపడుతుంది, అది రిపోర్ట్ చూస్తేనే తెలుస్తుంది.

రెండోది, ఆయనకి మీసం ఉందా? దట్టమైన మీసం ఉన్నవాళ్ళకి ముక్కు మీద కూర్చునే మాస్క్ పై పెదవి దగ్గర సీల్ అవ్వదు, గాలి సుయ్‌మని కళ్ళలోకి కొడుతుంది, దాంతో ఇంట్లోవాళ్ళు బెల్టులు ఇంకా బిగిస్తారు. బిగించేకొద్దీ సిలికాన్ మడత పడి లీక్ ఇంకా పెరుగుతుంది, ముక్కు దూలం మీద పుండు పడుతుంది. ముక్కు రంధ్రాల దగ్గరే ఆనే నేసల్ పిల్లోస్ మీసాలవాళ్ళకి చాలామందికి సరిపోతాయి. మాస్క్ ఎప్పుడూ పడుకుని, మిషన్ ఆన్‌లో పెట్టి సరిచేయాలి, కూర్చుని అద్దంలో చూసుకుని బిగిస్తే పడుకోగానే బుగ్గలు జారి ఫిట్టింగ్ అంతా మారిపోతుంది. ముఖానికి నూనె, క్రీము రాసుకుని పడుకుంటే కూడా జారిపోతుంది, సబ్బుతో కడుక్కుని తుడుచుకుని పెట్టుకోవాలి.

పొద్దున్నే నోరు పిడచకట్టుకుపోతోందంటే నోటి గుండా గాలి పోతోందన్నమాట. ముక్కు దిబ్బడ ఉంటే ముందు ఈఎన్‌టీకి చూపించండి, ముక్కు మూసుకుపోయినవాళ్ళని మాస్క్ పెట్టుకోమంటే అది నిజంగానే హింస. గాలికి తేమ కలిపే హ్యుమిడిఫైయర్‌లో డిస్టిల్డ్ వాటర్ పోయండి, బోరు నీళ్ళు పోస్తే తెల్లగా పొర కడుతుంది. ఇక మీ నాన్నగారికి మాస్క్ అంటే బెదురు పట్టుకుని ఉంటే రాత్రి పూట అలవాటు చేయకండి, సాయంత్రం టీవీ చూసేటప్పుడు ముందు ఉత్త మాస్క్ చేత్తో పట్టుకుని ముఖానికి ఆనించుకోమనండి, అది కుదిరాక బెల్టు, ఆ తర్వాత గాలి. కరీంనగర్ అన్నగారి అనుభవాన్ని కాదనను, కానీ ఆయనకి మాస్క్ ఎవరైనా మార్చి చూశారా అనేది నా అనుమానం.

లెక్కల_మాస్టారు:
అందరూ మాస్క్ పెట్టుకోకపోతే గుండెపోటు వస్తుందని భయపెడతారు కాబట్టి ఒక విషయం చెప్పాలి. 2016లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో సేవ్ అనే పెద్ద స్టడీ వచ్చింది, 2,700 మందికి పైగా పేషెంట్లు, అప్పటికే గుండె రక్తనాళాల జబ్బో మెదడు రక్తనాళాల జబ్బో ఉన్నవాళ్ళు, వాళ్ళకి మోడరేటో సివియరో అప్నియా కూడా ఉంది. సగం మందికి మామూలు వైద్యంతో పాటు సీపాప్ ఇచ్చారు, సగం మందికి మామూలు వైద్యం ఒక్కటే. ఏళ్ళ తరబడి చూసినా గుండెపోటు, పక్షవాతం లాంటివాటిలో సీపాప్ గుంపుకి మేలు కనపడలేదు. మరి ఆయన కోరుకోని దాన్ని ఏ భరోసాతో బలవంతంగా ముఖానికి కట్టాలి? 57 ఏళ్ళ మనిషి తన ఒంటి సంగతి తను నిర్ణయించుకోగలడు. పిల్లలకి ప్రేమ ఉంటే సరిపోదు, ఆయన మాటకి విలువ ఉండాలి కదా.

డల్లాస్_తెలుగోడు:
మాస్టారూ ఆ స్టడీ నేనూ చదివాను, మీరు సగమే చెప్పారు. అందులో సీపాప్ ఇచ్చినవాళ్ళు సగటున రాత్రికి 3.3 గంటలే వాడారు. పగలు మరీ తూగిపోయేవాళ్ళని అసలు స్టడీలోకే తీసుకోలేదు. అయినా సీపాప్ వాడినవాళ్ళకి గురక, పగటి మత్తు, మనసు దిగులుగా ఉండడం తగ్గాయని అదే పేపర్‌లో ఉంది. గుండె సంగతి పక్కన పెట్టండి, ఈ అమ్మాయి వాళ్ళ నాన్నగారు బస్సు నడుపుతారు, స్టీరింగ్ పట్టుకునే మనిషికి పగటి మత్తు తగ్గడం చిన్న విషయమా?

ఇంకోటి, మా దగ్గర మెడికేర్ (పెద్దవాళ్ళకి ప్రభుత్వ ఆరోగ్య బీమా) వాళ్ళు మొదటి మూడు నెలల్లో వరసగా 30 రోజులు తీసుకుని అందులో 70 శాతం రాత్రులు 4 గంటలైనా వాడితేనే ఆ తర్వాత కూడా మిషన్‌కి డబ్బులు కడతారు. దాంతో మన తెలుగువాళ్ళు కూడా చాలామంది 4 గంటలు అవ్వగానే కోటా అయిపోయినట్టు తీసేస్తున్నారు. ఆ 4 గంటలు బిల్లు కోసం పెట్టిన లెక్క. కలలొచ్చే నిద్ర ఎక్కువగా తెల్లవారుజామునే ఉంటుంది, ఆ టైమ్‌లోనే కండరాలు బాగా వదులై చాలామందికి అప్నియా ముదురుతుంది. అర్ధరాత్రి తీసేస్తే అసలు అవసరమైన గంటల్లో మాస్క్ లేనట్టే.

కరీంనగర్_అన్న:
అన్నా మీరు మంచిగనే చెప్పిన్రు గని బరువు సంగతి ఎవ్వరు మాట్లాడ్తలేరు. ఇప్పుడు బరువు తగ్గించే టిర్జెపటైడ్ ఇంజెక్షన్‌కు 2024 డిసెంబర్‌ల అమెరికా ఎఫ్‌డీఏ బరువెక్కువున్నోళ్ళ స్లీప్ అప్నియాకే పర్మిషన్ ఇచ్చింది. అంటే బరువు తగ్గితే ఇది తగ్గుతదని వాళ్ళు ఒప్పుకున్నట్టే కద. మరి జిందగీ మొత్తం పైపు కట్టుకుని పండుడు ఎందుకు?

స్లీప్_ల్యాబ్_వైజాగ్:
బరువు తగ్గొద్దని ఎవరన్నారన్నా, తప్పకుండా తగ్గాలి. లెక్క మాత్రం చూడండి. బరువు 10 శాతం తగ్గితే ఏహెచ్‌ఐ సుమారు 26 శాతం తగ్గుతుందని 2000లో వచ్చిన ఒక పెద్ద అమెరికా స్టడీ అంచనా. 46లో అంత తగ్గితే 34, ఇంకా సివియరే. మీది 22 కాబట్టి, మీరు బాగా తగ్గారు కాబట్టి, పక్కకి తిరిగి పడుకోవడం కూడా కలిసొచ్చింది కాబట్టి 7కి దిగింది, మీ కష్టానికి దండం పెడతా. పైగా మనవాళ్ళలో దవడ ఇరుగ్గా ఉండడం వల్ల సన్నటివాళ్ళకి కూడా ఇది వస్తుంది. బరువు తగ్గడానికి నెలలు పడుతుంది, ఆయన రేపు పొద్దున్నే బస్సు తీయాలి, ఈలోపు రాత్రుళ్ళు ఏం చేస్తారు? ఎంత ప్రయత్నించినా మాస్క్ కుదరనివాళ్ళకి కింది దవడని ముందుకి లాగి ఉంచే క్లిప్పు డెంటల్ డాక్టర్లు చేసిస్తారు, అది ఎక్కువగా మైల్డ్, మోడరేట్ వాళ్ళకి పనికొస్తుంది, 46 ఉన్నవాళ్ళకి మొదట చూడాల్సింది అది కాదు.

కాకినాడ_అత్తయ్య:
అమ్మాయ్, మీ అమ్మగారి వైపు నుంచి నేను మాట్లాడతానండి. మావారికి ఇదే జబ్బు. కోవిడ్‌లో మా మరిది గారు ఐసీయూలో మాస్క్‌తోనే పోయారు, అప్పట్నుంచీ ఆ పైపు చూస్తేనే ఈయనకి గుండె దడ. ఇంటికొచ్చిన చుట్టాలు కూడా "అయ్యో వెంటిలేటర్ పెట్టారా" అనడం, అది విన్న రోజు ఈయన మాస్క్ ముట్టుకునేవారు కాదు. నేను తిట్టినన్నాళ్ళూ నిద్రలో తీసేసి పొద్దున్న నాకు గుర్తులేదే అనేవారు. మరి దారికెలా వచ్చారంటే, ఒకరోజు ఆయన నిద్ర ఫోన్లో రికార్డు చేసి వినిపించానండి. గురక వచ్చి వచ్చి టక్కున ఆగిపోవడం, ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ వినపడకపోవడం, మళ్ళీ మునిగినవాడు పైకి తేలినట్టు ఒక్కసారి గాలి పీల్చడం, అది తన గొంతేనని ఆయన నమ్మలేకపోయారు. మర్నాటి నుంచి తనే మాస్క్ కడుక్కుంటారు, తనే నీళ్ళు పోసుకుంటారు, పొద్దున్నే మిషన్లో ఎన్ని గంటలు వచ్చిందో చూసుకుని నాకు చెప్తారు. కరెంటు పోతే మెలకువొచ్చి తీసేస్తున్నారని మిషన్ ప్లగ్గు ఇన్వర్టర్ లైన్లో పెట్టించాం. బలవంతం చేయకండమ్మా, అలాగని మానిపించకండి. చుట్టాలొచ్చినప్పుడు ఆ గది తలుపు వేసెయ్యండి, ఎవరికీ సంజాయిషీ చెప్పక్కర్లేదు.

లెక్కల_మాస్టారు:
డల్లాస్ గారు చెప్పిన 3.3 గంటల పాయింట్ సరైనదే, ఒప్పుకుంటా. అయినా నా మాట నాదే, మనిషి ఒంటి మీద నిర్ణయం మనిషిదే. కానీ బస్సు విషయం వేరు, అందులో ఊళ్ళో పిల్లలుంటారు. చికిత్స కుదిరేదాకా ఆయన స్టీరింగ్ పట్టుకోకూడదు, స్కూల్ వాళ్ళకి చెప్పాలి. మాస్క్ వేసుకోను అనడం ఆయన హక్కు, వేసుకోకుండా తూగుతూ పిల్లల్ని ఎక్కించుకోవడం హక్కు కాదు.

కరీంనగర్_అన్న:
స్కూల్ల చెప్తే ఉద్యోగం తీసేస్తరు మాస్టారు. మిషన్‌కు 50 వేలు పెట్టిన ఇల్లు, జీతం బందైతే ఎట్ల? గిట్ల చేస్తే రేపటి సంది ఏ డ్రైవర్ గూడ టెస్ట్ చేపించుకోడు, గురక ఉన్నా లేదనే అంటడు. ముందు లీవ్ పెట్టమనురి, మెల్లగ సెట్ చేసుకోనియ్యురి.

లెక్కల_మాస్టారు:
లీవ్ అయినా సరే. స్టీరింగ్ మీద మాత్రం వద్దు. ఉద్యోగం పోతుందన్న భయం నిజమే, అది మన స్కూళ్ళు మార్చుకోవాల్సిన పద్ధతి, దానికి పిల్లల ప్రాణం అడ్డం పెట్టలేం.

తెనాలి_పెద్దమ్మాయి:
అందరికీ చాలా థాంక్స్. వైజాగ్ గారి మెసేజ్ నాన్నకి గట్టిగా చదివి వినిపించా. మీసం మాట రాగానే లేచి కూర్చుని "అదే, గాలి కళ్ళలోకే కొడుతోంది, చెప్తే ఎవరూ వినరే" అన్నారు, ఇన్నాళ్ళూ మేము బెల్టు బిగిస్తూనే ఉన్నాం. మీసం మాత్రం తీయనన్నారు, పెళ్ళప్పట్నుంచీ ఉన్న మీసమది, తీయమని నేనూ అడగను. సోమవారం డాక్టర్ దగ్గరికి వెళ్తున్నాం, పిల్లోస్ మాస్క్, మొదలయ్యే ప్రెషర్ రెండూ అడుగుతా. బస్సు సంగతి మాస్టారు రాసింది చదివి అమ్మ ఏడ్చింది, నాన్న కాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత తనే ఓనర్‌కి ఫోన్ చేసి వంట్లో బాలేదు, వేరే డ్రైవర్‌ని చూసుకోండి, నెల రోజులు రాలేను అన్నారు. జబ్బు పేరు చెప్పలేదు. చెప్పాలా వద్దా అని మా ఇంట్లో ఇంకా తేలలేదు, తమ్ముడు వద్దే వద్దంటున్నాడు. ఒక డౌటు, నాన్నకి రాత్రి తలకి కొబ్బరినూనె పెట్టుకోందే నిద్ర రాదు, అది కూడా మానాలా?

స్లీప్_ల్యాబ్_వైజాగ్:
తలకి పెట్టుకోవచ్చండి, పెట్టుకున్నాక ముఖం మటుకు శుభ్రంగా కడుక్కోమనండి, మాస్క్ ముఖానికి ఆనే చోట జిడ్డు ఉండకూడదు. బెల్టులకి నూనె పడితే సాగిపోతాయి కాబట్టి వారానికోసారి ఉతకండి, సిలికాన్ భాగం రోజూ మామూలు సబ్బు నీళ్ళతో కడిగి నీడలో ఆరబెట్టండి. సోమవారం వెళ్ళేటప్పుడు మిషన్లో ఉన్న మెమరీ కార్డు తీసి పట్టుకెళ్ళండి, ఏ రాత్రి ఎన్ని గంటలు, లీక్ ఎంత, మాస్క్ ఉన్నప్పుడు ఏహెచ్‌ఐ ఎంతకి దిగింది అన్నీ అందులో ఉంటాయి. లీక్ ఎంత ఉందో తెలిసాక ఇక్కడ పెట్టండి, చూసి చెప్తా.