పిలిస్తే వెళ్ళి ఆడిన టోర్నీలో గెలిస్తే అది గెలుపేనా? (బెంగళూరు తెలుగువారి ఆటల చర్చ)

సర్జాపురం రవి:
మా అపార్ట్‌మెంటులో తేలని వాదన ఇక్కడ పెడుతున్నాను. 2018 ఆగస్టులో స్పెయిన్‌లోని కోటిఫ్ టోర్నమెంటులో మన దేశ అండర్-20 ఫుట్‌బాల్ జట్టు అర్జెంటీనా అండర్-20 జట్టును 2-1తో ఓడించింది. అర్హత పోటీలు గెలిచి చేరే టోర్నీ కాదది, నిర్వాహకులు పిలిచిన జట్లే ఆడతాయి. అందుకే అది లెక్కలోకి రాదంటారు మా పక్క ఫ్లాటాయన. ఇలాంటి వాటికి పిల్లలను పంపితే ఒరిగేది ఏమైనా ఉందా?

పాత హాఫ్‌బ్యాక్:
ఫొటోలు ఒరుగుతాయి. పెళ్ళికి పిలిచారు, వెళ్ళాం, భోజనం చేసి వచ్చాం. అదే టోర్నీలో ముర్సియా చేతిలో 0-2, మౌరిటానియా చేతిలో 0-3తో ఓడిన సంగతి ఎవరూ ఎత్తరు. వెనిజులాతో 0-0. చివరికి కప్పు పట్టుకుపోయింది ఆ ఓడిన అర్జెంటీనాయే. అసలు పరీక్ష అంతకు ముందు ఏడాది అండర్-17 ప్రపంచ కప్పులో జరిగింది. అమెరికా చేతిలో 0-3, కొలంబియా చేతిలో 1-2, ఘనా చేతిలో 0-4. అక్కడా అర్హత సాధించి ఆడలేదు, ఆతిథ్య దేశమని చోటిచ్చారు.

లెక్కల మాస్టారు:
ముర్సియా దేశం కాదు కదా?

పాత హాఫ్‌బ్యాక్:
కాదు. స్పెయిన్‌లో ఒక ప్రాంతం. దానికే ఓడాం.

గోల్‌కీపర్ నాన్న:
హాఫ్‌బ్యాక్ గారూ, ఆట చూశారా, స్కోర్లే చదివారా? అర్జెంటీనా మీద రెండో సగం మొదలైన కాసేపటికే అనికేత్ జాదవ్‌కు ఎర్ర కార్డు చూపారు. ఆ తర్వాత పదిమందితో ఆడుతూనే అన్వర్ అలీ ఫ్రీకిక్‌ను నేరుగా గోలులోకి కొట్టాడు. అవతలి కోచ్ లియొనెల్ స్కలోనీ, 2022లో ప్రపంచ కప్పు గెలిపించినవాడు. ఇక మీరు చెప్పిన కొలంబియా ఆట. కార్నర్ కిక్‌ను జీక్సన్ సింగ్ తలతో గోలు చేసి 1-1 చేశాడు. ఫిఫా ప్రపంచ కప్పుల్లో భారతదేశానికి అదే మొదటి గోలు. మనవాళ్ళు ఇంకా ఆ సంబరంలో ఉండగానే, నిమిషం తిరక్కుండా కొలంబియా రెండోది కొట్టింది. ఆ నిమిషంలో ఎలా నిలబడాలో ఇక్కడి స్కూలు లీగుల్లో ఎవరు నేర్పుతారు? పిలిచినవాళ్ళ దగ్గరికి వెళ్ళి దెబ్బలు తింటేనే వస్తుంది. జీక్సన్, అన్వర్ ఇద్దరూ తర్వాత సీనియర్ జట్టుకు ఆడారు.

ఉల్సూర్ కుర్రాడు:
మా గౌతంపురలో పెలే విగ్రహం ఉంది. ఒక్కసారి వచ్చి అక్కడి పిల్లలను అడగండి. స్పెయిన్ సంగతి తర్వాత, ముందు బూట్లు అంటారు.

లెక్కల మాస్టారు:
స్కలోనీ అప్పటికి సీనియర్ జట్టు కోచేనా?

గోల్‌కీపర్ నాన్న:
ఆ రోజుల్లోనే తాత్కాలికంగా అప్పగించారు.

లెక్కల మాస్టారు:
మనతో ఆటకు ముందా, తర్వాతా?

పాత హాఫ్‌బ్యాక్:
మాస్టారూ, అది వదిలేయండి. పిల్లల టోర్నీల్లో ఎలాగైనా గెలవాలన్న యావ నుంచే వయసు దొంగతనం పుట్టింది. పదిహేడేళ్ళవాడిని పద్నాలుగని రాయించి దింపుతారు. గెలిచిన రోజు దండలు వేస్తారు. ఇరవై దాటాక వాడు ఎక్కడున్నాడో ఎవరికీ తెలియదు.

గోల్‌కీపర్ నాన్న:
ఈ మాట ఎప్పుడు వస్తుందా అని చూస్తున్నాను. మా వాడు అనంతపురంలో పుట్టాడు. ఆసుపత్రి కాగితం, మున్సిపాలిటీ సర్టిఫికెట్ రెండూ ఉన్నాయి. నిరుడు ఒక ఎంపికలో ఎడమ మణికట్టుకు ఎక్స్‌రే తీశారు. వారం తర్వాత ఫోనులో ‘వయసు ఎక్కువ’ అన్నారు. ఎంత ఎక్కువో చెప్పలేదు, కాగితం ఇవ్వలేదు. పద్నాలుగేళ్ళకే నా భుజం దాటి ఎదిగాడు, అదే వాడి నేరం. ఆ రోజు నుంచి గ్లవ్స్ బాల్కనీలో తాడుకు వేలాడుతున్నాయి. తియ్యనివ్వడు, వేసుకోడు.

పాత హాఫ్‌బ్యాక్:
ప్రతి తండ్రీ ఇదే చెబుతాడు.

గోల్‌కీపర్ నాన్న:
మా ఇంటికి రండి, కాగితాలు మీ ముందు పెడతాను. చూసి అప్పుడనండి ఆ మాట.

మారతహళ్ళి మాధవి:
ఇద్దరూ కాస్త ఆగండి. ఆ ఎక్స్‌రేలో కనిపించేది ఎముక ఎంత పండిందన్నదే, పుట్టిన తేదీ కాదు. ఒకే ఈడు పిల్లల్లో ఏడాదికి పైగా తేడా ఉండవచ్చు. ఫిఫా 2009 నుంచి అండర్-17 పోటీల్లో వాడే ఎమ్మారై వేరు. మణికట్టు దగ్గర ఎముక ఎదిగే పొర పూర్తిగా కలిసిపోయిందా లేదా అని చూస్తారు. కలిసిపోతే పదిహేడు దాటి ఉంటాడని అంచనా. పద్నాలుగేళ్ళవాడి తగువు దానితో తేలదు.

పాత హాఫ్‌బ్యాక్:
అయితే పరీక్షలే ఎత్తేయమంటారా? నేను జిల్లా జట్టుకు ఎంపికైనప్పుడు నా స్థానంలో ఎవడు ఆడాడో తెలుసా? మీసాలు గొరిగించుకుని వచ్చినవాడు. పై పెదవి మీద ఆకుపచ్చ నీడ కనిపిస్తూనే ఉంది. రెఫరీ నవ్వాడు. నేను బెంచీ మీద కూర్చున్నాను. అప్పుడు ఈ ఎక్స్‌రే ఉంటే నా బతుకు వేరు.

గోల్‌కీపర్ నాన్న:
దానికి ఇన్నేళ్ళ తర్వాత మా వాడి చేత వడ్డీ కట్టిస్తారా?

సర్జాపురం రవి:
అయ్యా, నేను అడిగింది అర్జెంటీనా గురించి.

గోల్‌కీపర్ నాన్న:
అర్జెంటీనా మీద ఎవరు గెలిస్తే నాకేమిటి రవి గారూ! ఇలాంటి టోర్నీలు పెరిగితే ఎంపికలు పెరుగుతాయి, మా వాడికి ఇంకో అవకాశం వస్తుంది. నా స్వార్థం అదే, దాచను. ఈయనకేమో ఒక్క దొంగ కూడా లోపలికి రాకూడదు, దానికి ఎందరు పిల్లలు బయట ఉండిపోయినా పరవాలేదు.

పాత హాఫ్‌బ్యాక్:
అవును, రాకూడదు. ఒక్క దొంగ వచ్చినా నిజాయితీగా ఉన్న ఒక పిల్లవాడి చోటు పోతుంది. ఆ పిల్లవాడి తండ్రి ఇక్కడికి వచ్చి రాయడు.

గోల్‌కీపర్ నాన్న:
రాస్తున్నాను కదండీ, ఇందాకటి నుంచి.

పాత హాఫ్‌బ్యాక్:
ఎక్స్‌రే ఫిల్ము కాపీ అడిగారా?

గోల్‌కీపర్ నాన్న:
నోటితో అడిగాను. ఇవ్వలేదు.

పాత హాఫ్‌బ్యాక్:
కాగితం మీద అడగండి, తేదీ వేసి, రిజిస్టరు పోస్టులో. అప్పుడూ ఇవ్వకపోతే వాళ్ళను తిట్టడానికి నేనూ వస్తాను. కోటిఫ్ విషయంలో మాత్రం నా మాట మారదు.

లెక్కల మాస్టారు:
ముందా, తర్వాతా అన్నది ఇంకా ఎవరూ చెప్పలేదు.