బైక్ హోల్డర్‌లో ఎండ, పైగా ఛార్జింగ్: బ్యాటరీని తినేస్తున్నది ఏది?

రోడ్డుమీదోడు
విజయవాడలో డెలివరీ పని. ఫోన్ పగలు 8 గంటలు బైక్ హోల్డర్‌లోనే ఉంటుంది. మ్యాప్, ఫుల్ బ్రైట్‌నెస్, హ్యాండిల్ దగ్గరి యూఎస్‌బీ నుంచి ఛార్జింగ్. మధ్యాహ్నం ఛార్జింగ్ దానంతటదే ఆగిపోతోంది, స్క్రీన్ మసకబారుతోంది. రాత్రి 67 వాట్ల ఛార్జర్‌కి పెట్టి పొద్దున తీస్తా. 14 నెలలకే 5000 ఎంఏహెచ్ బ్యాటరీ సాయంత్రం దాకా రావట్లేదు. తప్పు ఫాస్ట్ ఛార్జర్‌దా, రాత్రంతా పెట్టడమా, ఎండా? కొత్త బ్యాటరీ వేయించబోతున్నా, అదీ ఇలాగే పోకూడదు.

సోల్డర్‌చుక్క
ఎండే అన్నా. కాకపోతే ఒక్క ఎండ కాదు, ఎండలో నిండు ఛార్జ్ మీద ఉండటం.

ఇప్పటి ఫోన్లలో బ్యాటరీ సెల్ నిండేసరికి దాదాపు 4.4 వోల్టులకు చేరుతుంది. ఆ వోల్టేజ్ దగ్గర లోపలి ఎలక్ట్రోలైట్ (లిథియం అటూఇటూ కదిలే ద్రవం) కుదురుగా ఉండదు, కొద్దికొద్దిగా విరుగుతూ ఉంటుంది. సెల్‌లో నెగటివ్ వైపున ఉండే గ్రాఫైట్ మీద పేరుకునే పొర మందమై, అందులో చిక్కుకున్న లిథియం మళ్ళీ పనికి రాదు. పోయిన కెపాసిటీ అంటే అదే. వేడి 10 డిగ్రీలు పెరిగితే ఈ చర్యల వేగం మోటుగా రెట్టింపు అనుకోవచ్చు. వాడకుండా ఏడాది పక్కన పెట్టిన సెల్‌నే తీసుకోండి: 25 డిగ్రీల్లో, 40 శాతం ఛార్జ్‌తో ఉంటే కెపాసిటీ 96 శాతం దాకా మిగులుతుంది. 40 డిగ్రీల్లో, ఫుల్ ఛార్జ్‌తో ఉంటే 65 దగ్గరికి పడిపోతుంది. సెల్ రకాన్ని బట్టి అంకెలు మారతాయి గానీ తేడా ఈ స్థాయిలోనే ఉంటుంది.

ఛార్జింగ్ ఆగడం రిపేరు కాదు. సెల్ 45 డిగ్రీల దరిదాపుల్లోకి వెళ్తే ఫోనే ఆపేస్తుంది. ఆగిందంటే కేబుల్ మార్చకండి, ఫోన్‌ని నీడలోకి మార్చండి.

మీ పనికి పనికొచ్చేవి: వాన లేనప్పుడు ప్లాస్టిక్ పౌచ్, రబ్బరు కేసు తీసేయండి. హోల్డర్‌కి చిన్న గొడుగులాంటి సన్‌షేడ్ పెట్టండి. తెలిసిన దారిలో స్క్రీన్ ఆపేసి ఇయర్‌ఫోన్‌లో ఒక చెవికి మ్యాప్ గొంతు చాలు. బండి మీద నడుస్తూ కాకుండా, ఆర్డర్ కోసం నీడలో ఆగినప్పుడు 20 నిమిషాలు పవర్‌బ్యాంక్ పెట్టుకోండి. వేడెక్కిందని ఫ్రిజ్‌లో మాత్రం పెట్టకండి, లోపల తేమ పడుతుంది.

ఆంపియర్
పై మాటకు ఒప్పుకుంటూనే, ఫాస్ట్ ఛార్జర్‌ని జనం అవసరానికి మించి తిడతారనిపిస్తుంది. 67 వాట్లు మొదట్లో కాసేపే. సెల్ నిండే కొద్దీ కరెంట్ తగ్గిపోతుంది, చివరి 20 శాతం ఎలాగూ నెమ్మదే. గదిలో, కేసు తీసి, గట్టి బల్ల మీద పెడితే పెద్ద బెంగ అక్కర్లేదు. పరుపు మీద, దిండు కింద పెడితే 10 వాట్ల ఛార్జర్ కూడా చెరుపే. వైర్‌లెస్ అయితే ఇంకా వేడి.

రాత్రంతా పెడితే ఓవర్‌ఛార్జ్ అవదు, ఫోన్ ఆపుకుంటుంది. నష్టం వేరే చోట ఉంది: ఒంటిగంటకే 100 అయి, పొద్దున ఏడు దాకా అదే వోల్టేజ్ మీద కూర్చోవడం. సెట్టింగ్స్‌లో 80 శాతం పరిమితి ఉంటే పెట్టండి. ఐఫోన్ 15 నుంచి, శాంసంగ్, పిక్సెల్ ఫోన్లలో ఉంది, మిగతా వాటిలో బ్యాటరీ మెనూ వెతకండి. మీరు లేచే టైమ్ నేర్చుకునే అడాప్టివ్ ఛార్జింగ్, షిఫ్టులు మారేవాళ్ళకి సరిగా పనిచేయదు.

రోడ్డుమీదోడు
80తో బయల్దేరితే మూడింటికే అయిపోతుందండీ.

ఆంపియర్
రాత్రి 80 దగ్గర ఆపి, పొద్దున స్నానానికి వెళ్ళేముందు పరిమితి తీసేయండి. 100 అయ్యీ అవగానే వాడకం మొదలవుతుంది కదా, అది తప్పు కాదు. సున్నా దాకా మాత్రం లాగకండి, 20 దగ్గర పెట్టేయండి.

సోల్డర్‌చుక్క
వేడి ఊహించక్కర్లేదు, కొలవండి. కొన్ని ఆండ్రాయిడ్ ఫోన్లలో డయలర్‌లో *#*#4636#*#* కొడితే బ్యాటరీ ఉష్ణోగ్రత కనిపిస్తుంది. రాకపోతే కంప్యూటర్‌కి కలిపి, ఏడీబీ (కంప్యూటర్ నుంచి ఆండ్రాయిడ్ ఫోన్‌కి ఆదేశాలు పంపే టూల్)లో adb shell dumpsys battery అని కొట్టండి. అక్కడ temperature దగ్గర 412 అని ఉంటే 41.2 డిగ్రీలు. 40 దాటి ఉంటే ఛార్జర్ పీకేయండి.

బ్యాటరీ మార్చే ముందు ఫోన్‌ని అద్దం బల్ల మీద వెల్లకిలా పెట్టి మూలలు నొక్కండి. కెమెరా ఎత్తు వల్ల కాకుండా వీపు ఉబ్బి ఊగినా, వెనక మూత అంచు లేచినా లోపల గ్యాస్ పట్టి ఉబ్బినట్టు. దాన్ని ఇక ఛార్జ్ చేయకండి, మూతని అదిమి మూయకండి, పాతదాన్ని చెత్తబుట్టలో వేయకుండా షాపులోనే ఈ-వేస్ట్‌కి ఇవ్వండి.

కొత్తది కొనేటప్పుడు లేబుల్ మీద మోడల్ కోడ్ పాతదానితో కలవాలి. అదే సైజులో 6500 ఎంఏహెచ్ అని రాసుంటే ఆ అంకెని నమ్మకండి. వెనక మూత తీస్తే వాటర్ సీల్ పోతుంది, కొత్త గమ్ సీల్ వేయమని ముందే అడగండి. జూన్‌లో వాన మొదలయ్యాక హోల్డర్‌కి పౌచ్ మళ్ళీ తగిలించక తప్పదు.