50 సీసీ రంపం మిషన్: కంప్యూటర్ కార్బొరేటరా, స్క్రూ కార్బొరేటరా?

పర్లాకిమిడి కోత
అందరికీ నమస్కారం. పర్లాకిమిడి చుట్టుపక్కల సరుగుడు, నీలగిరి తోటల కోత కాంట్రాక్టుకు పట్టి చేయిస్తాం. మధ్యమధ్యలో చింత, మామిడి, పనస మాన్లు తగులుతాయి. తుఫాను వచ్చిందంటే రోడ్డు మీద పడ్డవన్నీ మా పనే. ఇప్పుడున్న 58 సీసీ చైనా మిషన్ పక్కన పెట్టి, పది కాలాలు నిలిచేది ఒకటి కొనాలనుకుంటున్నాను.

రెండిటి దగ్గర ఆగిపోయాను. స్టిల్ ఎం.ఎస్. 261 సి-ఎం: 50.2 సీసీ, 3 కిలోవాట్లు, బార్ (చైన్ తిరిగే పొడుగాటి పట్టీ), చైన్ లేకుండా 4.9 కిలోలు. హస్క్‌వర్నా 550 ఎక్స్‌పి మార్క్ 2: 50.1 సీసీ, అదే 3 కిలోవాట్లు, 5.3 కిలోలు. రెండిట్లోనూ కార్బొరేటర్ (గాలీ పెట్రోలూ కలిపి ఇంజన్‌కి పంపేది) తనంతట తానే సర్దుకుంటుందట. స్టిల్ వాళ్లు ఎం-ట్రానిక్ అంటారు, హస్క్‌వర్నా వాళ్లు ఆటోట్యూన్ అంటారు. మా మేస్త్రి మాత్రం "కంప్యూటర్ ఉన్న రంపం మన కొండలకి పనికిరాదు. స్క్రూ ఉన్న ఎకో సి.ఎస్. 501 పి తీసుకో" అని పట్టుబడుతున్నాడు. అదీ 50.2 సీసీయే, బరువు 4.7 కిలోలు.

ఏదైనా ఆర్డర్ మీదే వస్తుంది. ధరల్లో తేడా నన్ను ఆపేంత లేదు. ఎవరు ఏది వాడుతున్నారో కాదు, ఎందుకు వాడుతున్నారో చెప్పండి.

బరంపురం మెకానిక్
మీ మేస్త్రి మాటే నా మాట, తమ్ముడూ. టూ స్ట్రోక్ ఇంజన్లు బాగుచేసే షాపు నాది. స్క్రూ కార్బొరేటర్‌లో మూడే స్క్రూలు. ఒకటి తక్కువ స్పీడుకి, ఒకటి ఎక్కువ స్పీడుకి, ఇంకోటి ఐడిల్‌కి. జేబులో చిన్న స్క్రూడ్రైవర్ ఉంటే చెట్టు కిందే సరిచేసుకోవచ్చు. ఆటో రకంలో పెట్రోలు కొలత కరెంటుతో తెరుచుకుని మూసుకునే ఒక సోలెనాయిడ్ వాల్వ్ చేతిలో ఉంటుంది. అది మొరాయిస్తే తప్పు వాల్వ్‌దా, కాయిల్‌దా, వైరింగ్‌దా అని తేల్చడానికి కంపెనీ టెస్టింగ్ పరికరం కావాలి. అది డీలర్ దగ్గర తప్ప దొరకదు. మోహన అవతల అడవి అంచున కూలీలు చేతులు కట్టుకుని కూర్చుంటే ఆ రోజు కూలి ఎవరిస్తారు?

కొరాపుట్ కాఫీతోట
మెకానిక్ గారూ, ఇక్కడ నేను మీతో ఏకీభవించలేను. మా ఊరు సుమారు 870 మీటర్ల ఎత్తులో ఉంది. కాఫీతోటల్లో నీడకి పెంచిన సిల్వర్ ఓక్ కొమ్మలు కొట్టించడం మా పని. ఎత్తులో గాలి పలచన. కింద సర్దిన స్క్రూతో ఇక్కడ స్టార్ట్ చేస్తే పెట్రోలు ఎక్కువై పొగ కక్కుతుంది, ప్లగ్ నల్లబడుతుంది, లాగదు. సరే, ఇక్కడికి తగ్గట్టు పెట్రోలు తగ్గించామనుకోండి. అదే మిషన్ మర్నాడు ఘాట్ దిగి సాలూరు వైపు పనికి వెళ్తే ఏమవుతుంది? గాలి చిక్కన, పెట్రోలు తక్కువ. పిస్టన్ వేడెక్కి పట్టేస్తుంది. స్క్రూ తిప్పడం తెలిసినవాడు ప్రతి కూలీ జట్టులోనూ ఉండడు. ఆటో మిషన్ ఆ తేడాని కాసేపట్లో సర్దుకుంటుంది. పర్లాకిమిడి నుంచి ఆర్. ఉదయగిరి కొండలెక్కేవాళ్లకి ఇది చిన్న విషయం కాదు.

బరంపురం మెకానిక్
సర్దడం ఏమంత విద్య కాదండీ, చెవితో వినాలి. ఖాళీగా ఫుల్ రేజ్ ఇచ్చినప్పుడు ఇంజన్ శబ్దం కొంచెం తడబడుతూ బరబరమనాలి. దుంగలోకి దించగానే ఆ తడబాటు పోయి శుభ్రంగా పలకాలి. ఖాళీగా ఉన్నప్పుడే ఈలలా సన్నగా పలికితే పెట్రోలు చాలడం లేదన్నమాట. ఒక పూటలో నేర్పిస్తాను, రమ్మనండి.

రాయగడ టూ స్ట్రోక్
చర్చ అంతా ఎత్తు, స్క్రూల మీదే సాగుతోంది. నా దృష్టిలో అసలు తేడా పెట్రోలు బంకులో ఉంది. కాస్త పొడుగవుతుంది, చదవండి.

మన బంకుల్లో ఇప్పుడు వస్తున్నది ఇ20. అంటే లీటరులో అయిదో వంతు ఇథనాల్. 2022లో దేశమంతా సగటున 10 శాతానికి చేరాం, 2023 ఫిబ్రవరిలో ఇ20 అమ్మకం మొదలైంది, 2025కి 20 శాతమే మామూలు పెట్రోలైపోయింది. కార్ల గురించి పేపర్లలో చాలా గొడవ జరిగింది. రంపం మిషన్ల గురించి ఎవరూ మాట్లాడలేదు. ఆ మిషన్లతో బతికేవాళ్లం మనమే కాబట్టి మనమే మాట్లాడుకోవాలి.

ఇథనాల్‌లో ఆక్సిజన్ ఉంటుంది. అందుకని అదే స్క్రూ దగ్గర ఇ20 పోస్తే ఇంజన్‌కి పెట్రోలు తగ్గినట్టే, గాలి ఎక్కువైనట్టే. కారులో సెన్సర్ దాన్ని పట్టుకుంటుంది. స్క్రూ కార్బొరేటర్‌కి ఆ సంగతి తెలియదు. పైగా టూ స్ట్రోక్‌లో ఆయిల్ కూడా పెట్రోలుతోనే లోపలికి వెళ్తుంది. పెట్రోలు తగ్గితే ఆయిలూ తగ్గుతుంది. వేడి ఎక్కువ, జిడ్డు తక్కువ. పిస్టన్ మీద నిలువు గీతలు పడేది అలాగే. మెకానిక్ గారు చెప్పినట్టు చెవితో విని పెట్రోలు పెంచొచ్చు. కానీ ఈ బంకు డబ్బా అయిపోయి, ఎప్పటిదో పాత డబ్బా పోస్తే మళ్లీ తిప్పాలి కదా!

ఇక యజమాని పుస్తకాలు చూడండి. హస్క్‌వర్నా పుస్తకం ఇథనాల్ 10 శాతం మించొద్దంటుంది. ఎకో కూడా 10 శాతమే అంటుంది. స్టిల్ పుస్తకంలో ఎం-ట్రానిక్ మిషన్ల గురించి, ఇథనాల్ 27 శాతం వరకు ఉన్నా పూర్తి పవర్ ఇస్తుందని రాసి ఉంటుంది. అంటే రెండూ ఆటో మిషన్లే అయినా, మన బంకు పెట్రోలుకి కాగితం మీద ఒప్పుకున్నది ఒక్కటే. రేపు గొట్టం మెత్తబడిందని, కార్బొరేటర్‌లోని పల్చటి పొర డయాఫ్రమ్ బిగుసుకుపోయిందని వారంటీ అడిగితే, ఏ పెట్రోలు పోశావనే మొదటి ప్రశ్న వేస్తారు. అందుకే 261 నా మాట. పవర్ ఒకటే, బరువు 400 గ్రాములు తక్కువ. అవి రెండూ నాకు రెండో విషయాలే.

ఇంకోటి, ఇది ఏ కంపెనీ మిషన్‌కైనా వర్తిస్తుంది. ఇథనాల్ గాలిలోని తేమని పీలుస్తుంది. మన వైపు వానాకాలంలో మూత వదులుగా ఉన్న డబ్బా నిలవ పెడితే, నీళ్లూ ఇథనాలూ కలిసి అడుక్కి దిగిపోతాయి. ఆయిల్ పైన పెట్రోలుతో ఉండిపోతుంది. ట్యాంకులో గొట్టం పీల్చేది అడుగు నుంచే! ఆయిల్ లేని ద్రవం తాగి ఇంజన్ పట్టేస్తుంది. దీన్ని ఏ కంప్యూటరూ కాపాడదు. 5 లీటర్లకి 100 మిల్లీలీటర్ల మంచి టూ స్ట్రోక్ ఆయిల్, అంటే 50కి 1 లెక్క. ఏ రోజు పనికి ఆ రోజే కలుపుకోవడం అన్నిటికంటే మంచిది. మిగిలినా 30 రోజులు దాటనివ్వొద్దు.

బరంపురం మెకానిక్
రాయగడ గారు ఇథనాల్ గురించి రాసింది నేనూ ఒప్పుకుంటాను. పట్టేసిన పిస్టన్లు ఈమధ్య నా బల్ల మీదకి ఎక్కువగానే వస్తున్నాయి. అన్ని కంపెనీలవీ ఉన్నాయి. కానీ గొట్టాలు, డయాఫ్రమ్ కిట్టు పెద్ద ఖర్చు కాదు. ఏటా వానల ముందు మార్చేసి, హెచ్ స్క్రూ, అంటే ఎక్కువ స్పీడుది, కాస్త పెట్రోలు ఎక్కువ వైపు ఉంచితే స్క్రూ మిషన్ కూడా ఇ20 మీద నడుస్తుంది, నడిపిస్తున్నాం. పుస్తకంలో రాసిన శాతం కంటే, మిషన్ ఎవరి చేతిలో ఉందన్నదే నేను చూస్తాను.

గుణుపూర్ అడితి
పెట్రోలు గురించి ఇంత మాట్లాడారు, చైన్ గురించి ఒక్కరూ మాట్లాడలేదేం? మిషన్ జీవితకాలంలో మనం ఎక్కువసార్లు కొనేది చైనే.

261కి వచ్చే చైన్ పిచ్, అంటే లింకుల మధ్య దూరం, .325 అంగుళాలు. బార్ గాడిలో దూరే లింకు మందం 1.6 మిల్లీమీటర్లు. 16 అంగుళాల బార్‌కి 67 లింకులు. ఆ మందం మన హార్డ్‌వేర్ షాపుల్లో దొరకదు, స్టిల్ డీలర్ దగ్గరికే పోవాలి. హస్క్‌వర్నాకి 1.5 మందం బార్ తీసుకుంటే 16 అంగుళాలకి 66, 18 అంగుళాలకి 72 లింకులు. ఇప్పుడు ఈ తమ్ముడి పాత 58 సీసీ చైనా మిషన్ చూడండి. 18 అంగుళాల బార్ అయితే అదీ .325, 1.5, 72 లింకులే! ప్రతి సంతలో, ప్రతి పంపుసెట్ల షాపులో వేలాడే చైన్ అదే. సరుగుడు తోటలో ఇసుక తగిలి మధ్యాహ్నానికి పళ్లు పోతే, సాయంత్రానికల్లా కొత్త చైన్ ఎక్కించొచ్చు. నేను 550 వైపే. ఒక జాగ్రత్త. దాంతో 1.3 మందం సన్న చైన్ కూడా ఇస్తుంటారు. ఆర్డర్ పెట్టేటప్పుడే 1.5 అని గట్టిగా చెప్పాలి.

కొరాపుట్ కాఫీతోట
అడితి గారి పాయింట్ బలమైనదే. కాకపోతే సంతలో దొరికే చైన్ ఉక్కు సంగతి కూడా చెప్పాలి కదండీ. ఎండిన చింత దుంగ మీద అది ఎంతసేపు నిలుస్తుంది?

గుణుపూర్ అడితి
నిలవదు. మంచి కంపెనీ చైన్ ఇంట్లో రెండు ఉంచుకోవాలి. సంత చైన్ అత్యవసరానికి. పని ఆగిపోవడం కంటే అది నయం.

కాశీనగర్ జీడితోట
నేను కోతగాళ్లని పెట్టుకునే రైతుని, పని చేయించుకునే వాళ్ల వైపు నుంచి ఒక మాట. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. పొద్దున లేచి చూస్తే తోటలో నిలబడ్డ జీడిచెట్టు కంటే పడ్డదే ఎక్కువ. దారి మీద చెట్లు, కరెంటు లేదు, బంకు తెరవలేదు. మిషన్లు ఊళ్లో లేకపోలేదు. పాత సీజన్ పెట్రోలు ట్యాంకులోనే ఉండి, తాడు లాగితే పలకని మిషన్లు అవి. ఆ రోజు మాకు కావలసింది 3 కిలోవాట్లా, 2.7 కిలోవాట్లా అన్నది కాదు, లాగగానే స్టార్ట్ అయ్యేది ఒక్కటి. పెద్ద పట్టణాల వైపు ఒడ్రాఫ్ (ఒడిశా విపత్తు సహాయ దళం) జట్లు రంపాలతో దిగి హైవేలు తెరుస్తాయి. మా తోట దారికి వాళ్లు వచ్చేసరికి ఆలస్యమవుతుంది, అది వాళ్ల తప్పు కాదు.

మా ప్రాంతంలో తుఫానులు ఎక్కువగా వచ్చేది అక్టోబరులో. 2013 ఫైలిన్, 2014 హుద్‌హుద్, 2018 తిత్లీ, అన్నీ ఆ నెలలోనే. మిషన్ అంతకు ముందు వానాకాలమంతా మూల పడి ఉంటుంది. అలా పడి ఉండి కూడా లేచేది ఏది? బాబూ, నువ్వు ఏది కొన్నా ఆ సంగతి చూసుకుని కొను.

ఇంకోటి. పడ్డ చెట్టు నిలబడ్డ చెట్టులాంటిది కాదు. కొమ్మ వంగి బిగుసుకుని ఉంటుంది, కోయగానే విసిరి కొడుతుంది. మిషన్‌కి పెట్టే డబ్బులో కొంత కాళ్లకి కట్టుకునే రక్షణ తొడుగుకి, హెల్మెట్‌కి తీయండి. కూలీకి కూడా.

రాయగడ టూ స్ట్రోక్
అమ్మా, మీ ప్రశ్నకి జవాబు మిషన్ పేరులో లేదు, మూలన పెట్టే పద్ధతిలో ఉంది. పని అయిపోయాక ట్యాంకు పూర్తిగా వంచేసి, స్టార్ట్ చేసి, కార్బొరేటర్‌లో మిగిలింది కూడా అయిపోయి దానంతట అదే ఆగేదాకా నడపాలి. స్క్రూ మిషన్‌కైనా, ఆటో మిషన్‌కైనా ఇదే. తుఫాను హెచ్చరిక రాగానే తాజా పెట్రోలు తెచ్చి, కలిపి, ఒకసారి స్టార్ట్ చేసి చూసుకోవాలి. గాలి మొదలయ్యాక బంకు దాకా పోలేం.

పర్లాకిమిడి కోత
అందరికీ ధన్యవాదాలు. నాకు ఒక సందేహం మిగిలింది. రాయగడ అన్నయ్య పెట్రోలు లెక్క ప్రకారం 261. అడితి గారి చైన్ లెక్క ప్రకారం 550. 261 కొని, దానికి 1.5 మందం బార్ వేస్తే కుదరదా?

రాయగడ టూ స్ట్రోక్
కుదురుతుంది. మందం బార్ గాడిలో ఉంటుంది, ఇంజన్‌లో కాదు. చైన్‌ని తిప్పే పళ్ల చక్రం, అదే స్ప్రాకెట్, చూసేది పిచ్ ఒక్కటే, అది .325 కాబట్టి మారదు. స్టిల్ బిగింపుకి సరిపోయేలా 1.5 గాడితో బార్లు వేరే కంపెనీలు చేస్తాయి. అందుకే నేను పెట్రోలుని ముందు పెట్టాను. చైన్ సమస్యకి బార్ మార్చుకోవచ్చు. బంకులో పెట్రోలుని మనం మార్చలేం.

గుణుపూర్ అడితి
బార్ మార్చినంత మాత్రాన 72 లింకులే పడతాయని హామీ లేదు. లింకుల లెక్క బార్ పొడుగు మీదా, మిషన్ మీదా ఉంటుంది. రోల్ నుంచి కోసి రివెట్ కొట్టే షాపు ఉంటేనే ఆ దారి. గుణుపూర్‌లో ఉంది కాబట్టి సరే. లేని ఊళ్లో నా సలహా ఇప్పటికీ 550 ఎక్స్‌పి, 18 అంగుళాల 1.5 బార్.

బరంపురం మెకానిక్
ఏది కొన్నా పదును పట్టేది మాత్రం ఒకటే ఆకురాయి, 4.8 మిల్లీమీటర్లది. 30 డిగ్రీల కోణం, కోసే పన్ను కంటే ముందుండే లోతు పన్ను 0.65 మిల్లీమీటర్లు తక్కువ. ఇసుక తోటల్లో కోణాల పన్ను కాకుండా గుండ్రటి అంచున్న సెమీ చిజెల్ చైన్ తీసుకో, పదును ఎక్కువసేపు ఆగుతుంది. డబ్బు కట్టే ముందు డీలర్‌ని యజమాని పుస్తకం అడిగి, ఇథనాల్ పేజీ నీ కళ్లతో చదువు. అందులో 10 ఉందో 27 ఉందో చూసి ఇక్కడ రాయి, తమ్ముడూ. ఇ20 పెట్రోలుతో కొత్త మిషన్ కొంటున్నవాళ్లు ఇంకా చాలామంది ఉన్నారు.