తాళం వేసి ఉందని మా ఇల్లు వరద జాబితాలో లేదు, ఇప్పుడు ఏం చేయాలి?

సింగ్‌నగర్ అమ్మాయి:
అందరికీ నమస్కారం. మాది విజయవాడ రాజరాజేశ్వరిపేట, అద్దె ఇల్లు, గ్రౌండ్ ఫ్లోర్. 2024 సెప్టెంబర్ 1 ఆదివారం బుడమేరు వాగు నీళ్ళు గుమ్మం దాటి చూస్తుండగానే నడుం లోతుకి వచ్చేశాయి. పై వాటాలో రెండు రాత్రులు తలదాచుకుని, పడవ వచ్చాక బయటపడి గుంటూరులో మా పిన్ని వాళ్ళింటికి వెళ్ళిపోయాం. తిరిగొచ్చి తలుపు తీస్తే ఫ్రిజ్ బోర్లా పడి ఉంది, పరుపులు, బట్టలు, మినప్పప్పు బస్తా అన్నీ బురదలోనే. అమ్మ ఇడ్లీ బండి ఎటు కొట్టుకుపోయిందో కూడా తెలీదు.

మేం లేనప్పుడు సర్వే వాళ్ళు వచ్చి తాళం చూసి వెళ్ళిపోయారట. 25వ తేదీన పక్కింటి వాళ్ళకి ప్రభుత్వ వరద సాయం 25 వేలు పడ్డాయి, వార్డు సచివాలయంలో అంటించిన జాబితాలో మా పేరు మాత్రం లేదు. అడిగితే మీ రేషన్ కార్డు గుంటూరులో ఉంది, ఈ సచివాలయం ఇళ్ళ లెక్కలో మ్యాప్ అయి లేరు అన్నారు. ఓనర్ గారేమో ఇల్లు నాది, డబ్బు వస్తే సగం నాకివ్వాలి అంటున్నారు. అగ్రిమెంట్ ఏమీ రాసుకోలేదు, నోటిమాట మీద ఉన్నాం. తమ్ముడి బండి కూడా మునిగింది, దానికి ఇన్సూరెన్స్ ఉంది కానీ ఎవరిని అడగాలో తెలీదు. అమ్మ రోజూ సచివాలయం మెట్ల మీద కూర్చుని వస్తోంది, ఈ టెన్షన్‌తో రాత్రిళ్ళు నిద్ర కూడా పోవట్లేదు. తెలిసినవాళ్ళు ఎవరైనా చెప్పండి ప్లీజ్.

సర్వేకి తిరిగినోడు:
చెల్లీ, నేను సచివాలయం ఉద్యోగినే, మీ వార్డు కాదు. ఎన్యూమరేషన్‌కి, అంటే నష్టం లెక్క రాయడానికి, మోకాలి లోతు బురదలో నేనూ తిరిగాను కాబట్టి చెప్తున్నా, తాళం వేసిన ఇళ్ళు చాలా తగిలాయి, మళ్ళీ వెళ్ళాలని రాసుకున్నవాటిలో కొన్ని జారిపోయాయి. అది మా తప్పే, మీది కాదు.

ముందు అమ్మని మెట్ల మీద కూర్చోవద్దని చెప్పు. నోటితో ఎన్నిసార్లు అడిగినా ఎక్కడా నమోదు కాదు. ఒక తెల్ల కాగితం మీద అర్జీ రాసి, సచివాలయంలో ఇచ్చి, ఫిర్యాదు నంబర్ గానీ సంతకం, తేదీ వేసిన కాపీ గానీ చేతికి వచ్చాకే అక్కడి నుంచి కదలండి. వాళ్ళు తీసుకోకపోతే సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకునే పీజీఆర్‌ఎస్‌లో ఇవ్వండి, అక్కడ రసీదు తప్పకుండా ఇస్తారు.

అర్జీలో కార్డు సంగతి దాచొద్దు. కార్డు గుంటూరులో ఉంది, కానీ వరద రోజున మేం ఉన్నది ఈ ఇంట్లోనే అని సూటిగా రాయండి. ఈ సాయం మునిగిన సామానుకి, ఇంటి దస్తావేజుకి కాదు, అందుకే ఆ ఇంట్లో ఉన్నవాళ్ళకే చెందాలి. ఋజువు కావాలంటే గ్యాస్ బిల్లులు చూపించండి, ఏ అడ్రస్‌కి ఎప్పుడు బండ వచ్చిందో వాటిలో ఉంటుంది. ఓనర్‌కి ఫోన్‌పేలో అద్దె వేసి ఉంటే ఆ హిస్టరీ, నీళ్ళ చార కనిపించేలా తీసిన గోడ ఫోటోలు, డబ్బు పడిన ఇద్దరు పొరుగువాళ్ళ సంతకాలు కూడా పెట్టండి. గ్రౌండ్ ఫ్లోర్ అని మాత్రం పెద్ద అక్షరాలతో రాయాలి, ఎందుకంటే పై అంతస్తులకి 10 వేలే, సర్వే యాప్‌లో అంతస్తు తప్పు పడితే దిద్దించడం ఇంకో తలనొప్పి.

ఇడ్లీ బండి విడిగా రాయండి. ప్రకటించిన ప్యాకేజీలో తోపుడు బండ్లకి కూడా సాయం ఉంది, ఇంటి లెక్కలో కలిపేస్తే అది కనపడకుండా పోతుంది.

వాంబే కాలనీ:
జాబితాలో పేరు ఉంటే చాలు అనుకోకండి అమ్మా. మా ఆవిడ పేరు మొదటి లిస్టులోనే ఉంది, డబ్బు మాత్రం పడలేదు. వారం తిరిగాక తెలిసింది, ఆధార్‌కి చివరగా ఏ బ్యాంకు లింకైతే డబ్బు అక్కడికే పోతుందట. మేం వాడే ఖాతా ఒకటి, లింకై ఉన్నది ఎప్పుడో తెరిచి వదిలేసిన ఖాతా. అది మూతపడిపోయి ఉండటంతో డబ్బు వెనక్కి వెళ్ళింది. ఆధార్ వెబ్‌సైట్‌లో బ్యాంక్ సీడింగ్ స్టేటస్ అని ఉంటుంది, అమ్మ నంబర్ కొట్టి ఇప్పుడే చూసుకోండి. లింక్ మార్చాలంటే బ్యాంకులో అడగండి.

బ్రాడీపేట మెకానిక్:
బండి సంగతి నేను చెప్తా. మీ తమ్ముడు ఇంకా కిక్ కొట్టి ఉండకపోతే కొట్టొద్దని చెప్పండి! నీళ్ళు ఇంజిన్‌లో ఉండగా స్టార్ట్ చేస్తే పిస్టన్, కనెక్టింగ్ రాడ్ పోతాయి, అప్పుడు ఇన్సూరెన్స్ వాళ్ళు ఇది వరద వల్ల కాదు, మీరు స్టార్ట్ చేయడం వల్ల పాడైంది అని మడత పేచీ పెడతారు. పాలసీ కాగితం తీసి థర్డ్ పార్టీ (అవతలివాళ్ళ నష్టానికి) ఒక్కటేనా, ఓన్ డ్యామేజ్ (మీ బండి నష్టానికి) కూడా ఉందా చూడండి. థర్డ్ పార్టీ ఒక్కటే అయితే మీ బండి రిపేరుకి రూపాయి రాదు. రెండోది ఉంటే ముందు కంపెనీకి ఫోన్ చేసి క్లెయిమ్ నంబర్ తీసుకుని, సర్వేయర్ చూశాకే ఇంజిన్ విప్పించండి. ప్రభుత్వం టూవీలర్‌కి 3 వేలు, ఆటోకి 10 వేలు ప్రకటించింది, దానికి కూడా ఆర్‌సీ కాపీతో అర్జీలో ఒక ముక్క రాయండి.

పాయకాపురం డాబా ఇల్లు:
నేను ఇంటి ఓనర్‌ని, అందుకే రాస్తున్నా. మా కింద వాటాలో అద్దెకున్న వాళ్ళకి 25 వేలు వచ్చాయి, పైన ఉన్న మాకు 10 వేలు. గోడలు ఉబ్బిపోయాయి, సున్నం రాలుతోంది, బాగు చేయించాలంటే నాకూ చాలా ఖర్చు. అయినా వాళ్ళ డబ్బులో నాకు వాటా ఎలా వస్తుంది? కూతురి పెళ్ళికని కొన్న సామాను వాళ్ళు బయటికి మోసి పారేస్తుంటే చూశాను నేను. మీ ఓనర్‌కి ఒక్క పైసా ఇవ్వనక్కర్లేదు. అద్దె బాకీ ఉంటే అది వేరే లెక్క, మెల్లగా కడతామని మర్యాదగా చెప్పండి.

ఇంకోటి, ఈ 25 వేలతో పోయినవన్నీ వస్తాయని అమ్మకి ఆశ పెట్టకండి. కేంద్రం విపత్తు నిధి నిబంధనల్లో రెండు రోజులకి మించి మునిగిన ఇంటికి బట్టలకి 2,500, వంట సామానుకి 2,500, అంతే. ఈసారి రాష్ట్రం పెంచి ఇస్తోంది, అయినా ఫ్రిజ్, మంచం, స్టవ్ కొనేసరికి అయిపోతాయి. అలాగని వదులుకోవద్దు, మీకు రావాల్సింది మీరు అడగాల్సిందే.

సింగ్‌నగర్ అమ్మాయి:
అందరికీ చేతులెత్తి దండం. అన్నా, మీరు చెప్పినట్టే అమ్మ ఫోన్ వెతికితే గ్యాస్ బిల్లులు ఐదు దొరికాయి, అన్నిటిలో ఈ ఇంటి అడ్రసే ఉంది. అద్దె చేతికిచ్చేవాళ్ళం కాబట్టి దానికి ఋజువు లేదు, కానీ పక్కింటి అత్త, ఎదురింటి మామయ్య సంతకం పెడతామన్నారు. ఆధార్ చూస్తే నిజంగానే అమ్మది గుంటూరులోని పాత ఖాతాకి లింకై ఉంది, ఆ పాస్‌బుక్ కూడా నీళ్ళలో పోయింది. రేపు పొద్దున్నే బ్యాంకుకి, సోమవారం కలెక్టరేట్‌కి వెళ్తున్నాం. తమ్ముడు బండి ఇంకా స్టార్ట్ చేయలేదు, తాళం చెవి అమ్మ తన కొంగుకి కట్టేసుకుంది. రసీదు చేతికి వచ్చాక మళ్ళీ రాస్తాను.