గాలి మీటరు పాత రీడింగుల్లో రాత్రి ఒంటిగంటకు మా ఇంట్లో పోపు వేగుతోంది

ప్రశ్న: పాత గార్డు, కాశీబుగ్గ

అందరికీ నమస్కారం. గూడ్సు బండ్ల మీద గార్డుగా ముప్పై ఏళ్లు తిరిగి రిటైరయినవాణ్ణి. 2022లో రైల్వే ఆ ఉద్యోగానికి ట్రైన్ మేనేజర్ అని కొత్త పేరు పెట్టింది. నేను అప్పటికే బండి దిగిపోయాను కాబట్టి గార్డుగానే మిగిలాను. బండి ఏ స్టేషన్‌లో ఎన్ని గంటల ఎన్ని నిమిషాలకు ఆగింది, ఎందుకు ఆగింది అని రాసుకోవడం నా పని. రెండు నిమిషాల తేడాకు సంజాయిషీ ఇచ్చుకున్న రోజులున్నాయి. ఈ సంగతి ఎందుకు చెబుతున్నానో కిందికి వచ్చేసరికి మీకే తెలుస్తుంది.

మా ఆవిడకు ఆయాసం. రెండు చలికాలాలుగా తెల్లవారుజామున లేచి మంచం మీద కూర్చుంటోంది. శ్రీకాకుళంలో మేము చూపించుకునే డాక్టరు గారు "ఇంట్లో పొగ, దుమ్ము ఏ వేళల్లో ఎక్కువగా ఉంటున్నాయో కాస్త రాసి తీసుకురండి" అన్నారు. ఆ మాట విని మా అబ్బాయి గాలి మీటరు ఒకటి పంపాడు. అరచేతిలో పట్టే తెల్ల డబ్బా. పీఎం 2.5, పీఎం 10 (గాలిలో తేలే సన్న రేణువులు; 2.5 అంటే మరీ సన్నవి), కార్బన్ డయాక్సైడ్, తేమ, ఉష్ణోగ్రత చూపిస్తుంది. హాల్లో టీవీ పక్కన పెట్టి ఆరు నెలలయింది. ఫోనులో యాప్ తెరిస్తే రంగురంగుల కొండలు కనిపిస్తాయి. కింద గంటల అంకెలు చీమ కాళ్లంత ఉంటాయి. పోయినసారి ఆ కొండల్నే ఫోటో తీసి జెరాక్స్ షాపులో ప్రింటు తీయించి పట్టుకెళ్లాను. డాక్టరు గారు ఒకసారి చూసి, మర్యాదగా పక్కన పెట్టారు.

అందుకని అంకెలే కావాలని యాప్‌లో వెతికితే, మూడు గీతల గుర్తు వెనక "డేటా ఎగుమతి" అని దొరికింది. ఒక్కసారికి ముప్పై రోజులే ఇస్తుంది. ఫైలు మెయిల్‌కు వస్తుంది. ఆరుసార్లు అడిగి ఆరు ఫైళ్లు తెచ్చుకున్నాను. ఎక్సెల్‌లో తెరిస్తే మొదటి నిలువు వరుసలో తేదీ లేదు, టైము లేదు, పది అంకెల సంఖ్య ఉంది. మా తమ్ముడి మనవడు ఏదో వెబ్‌సైట్‌లో వేసి ఆ సంఖ్యల్ని టైముగా మార్చి ఇచ్చాడు. అక్కడ మొదలైంది నా తలనొప్పి.

ప్రతిరోజూ రాత్రి ఒంటిగంటకు పీఎం 2.5 ముప్పై నుంచి నూట ఎనభైకి ఎగిరి, పావుగంటలో మళ్లీ కిందికి దిగుతోంది. ఒంటిగంటకు మా ఇంట్లో పిల్లి కూడా మేలుకుని ఉండదు. అలా పావుగంట ఎగిరి దిగేది మా ఇంట్లో ఒకటే ఉంది. ఉదయం ఆరున్నరకు మా ఆవిడ ఇడ్లీ పచ్చడికి వేసే పోపు. ఐదున్నర గంటలు ఆలస్యంగా వచ్చిన బండ్లను చాలా చూశాను. ఐదున్నర గంటలు ముందుగా నడిచే వంటగదిని ఇదే చూడడం.

రెండో చిక్కు. కరెంటు పోయిన వేళల్లో గడులు ఖాళీగా లేవు, సున్నాలు ఉన్నాయి. మూడోది. ఇటీవలి మూడు నెలలకు నిమిషానికో రీడింగు ఉంది. అంతకు ముందువాటికి గంటకు ఒక్కటే. మిగిలినవి ఏమయ్యాయి?

ఇంకో మాట కూడా చెప్పాలి. మా వీధి వెనక జీడి పిక్కలు కాల్చే బట్టీ ఒకటి ఉంది. పలాస, కాశీబుగ్గల్లో ఇది కొత్త సంగతి కాదు. జీడిపప్పు పనితోనే ఊరు బతుకుతోంది. ఇప్పుడు చాలామంది ఆవిరి మీద ఉడికించే పద్ధతికి మారారు, ఇది మాత్రం పాతకాలపు డ్రమ్ము. ఫైలులో పీఎం 2.5 రోజూ మధ్యాహ్నం మూడున్నరకు లేచి రాత్రి పదకొండున్నర దాకా దిగడం లేదు. బట్టీ అంటించేది మూడింటికి. ఇక చెప్పేదేముంది! ఆ కాగితం పట్టుకుని యజమాని దగ్గరికి వెళ్లి నాలుగు మాటలు అనేసి వచ్చాను కూడా.

పై మూడు చిక్కులకు దారి చూపగలరా? కంప్యూటర్ నాకు అంతంతమాత్రం. మెల్లగా చెబితే చేయగలను.

జవాబు: గంటస్తంభం, విజయనగరం

గార్డు గారూ, మీ మీటరు తప్పేమీ లేదు. ఆ పది అంకెలు 1970 జనవరి 1 నుంచి గడిచిన సెకన్లు. గ్రీనిచ్ టైములో లెక్కపెడతారు. మన గడియారం దానికంటే ఐదున్నర గంటలు ముందుంటుంది. ఫోనులోని యాప్ ఆ ఐదున్నర కలిపి చూపిస్తుంది, ఎగుమతి ఫైలులో కలపదు. మీ మనవడు వాడిన వెబ్‌సైట్ కూడా కలపలేదు.

వెబ్‌సైట్‌తో పని లేదు. ఎక్సెల్‌లోనే పక్క గడిలో ఇలా లెక్క కట్టండి: పది అంకెల సంఖ్యను 86400తో భాగించండి, దానికి 25569 కలపండి, మళ్లీ 5.5ను 24తో భాగించగా వచ్చినది కలపండి. తర్వాత ఆ గడికి తేదీ, టైము రూపం ఇవ్వండి. 86400 అంటే రోజుకు సెకన్లు. 25569 అంటే ఎక్సెల్ సొంత లెక్కలో 1970 జనవరి 1. సరిగా వచ్చిందో లేదో చూసుకోవడానికి 1735689600 వేయండి. 2025 జనవరి 1 ఉదయం 5:30 రావాలి. వస్తే ఆ గడిని పట్టుకుని కిందిదాకా లాగేయడమే. ఏ ఫైలులోనైనా పదికి బదులు పదమూడు అంకెలు కనిపిస్తే అవి మిల్లీసెకన్లు. ముందు వెయ్యితో భాగించాలి.

సున్నాల సంగతి తేలిగ్గా తీసుకోకండి. పద్దెనిమిది గంటలు సగటున 80 ఉండి, ఆరు గంటలు కరెంటు లేక సున్నా పడిందనుకోండి. ఆ రోజు సగటు 60 అని వస్తుంది. మన దేశంలో పీఎం 2.5కు 2009లో పెట్టిన ఇరవైనాలుగు గంటల పరిమితి సరిగ్గా 60. అంటే కరెంటు పోతే గాలి బాగుపడినట్టు! పీఎం, తేమ, కార్బన్ డయాక్సైడ్ అన్నీ ఒకేసారి సున్నా అయిన వరుసలు ఏరి, ఆ గడులు ఖాళీ చేయండి. ఖాళీ గడిని ఎక్సెల్ సగటులోకి తీసుకోదు. ముందు అసలు ఫైలుకు ఒక నకలు తీసి విడిగా దాచుకోండి. నేను పద్దులు చూసే ఉద్యోగంలో ఉన్నాను. అసలు కాగితం మీద ఎప్పుడూ దిద్దను.

చివరిగా ఒకటి, చెప్పాలా వద్దా అనుకుంటూనే చెబుతున్నాను. పోపు ఐదున్నర గంటలు జరిగితే, బట్టీ కూడా జరగాలి కదా?

జవాబు: బీచ్ రోడ్డు

ఇంత లెక్క ఎందుకు సార్? గాలి శుభ్రం చేసే మెషీన్ ఒకటి కొని గదిలో పెట్టేయండి, పని అయిపోతుంది.

జవాబు: పాత గార్డు, కాశీబుగ్గ

బీచ్ రోడ్డు గారూ, డాక్టరు అడిగింది వేళలు. మెషీన్ కాదు.

గంటస్తంభం గారూ, ఉదయం 5:30 వచ్చింది. ఆ తర్వాత మీ చివరి మాట చదివి కాసేపు కదలకుండా కూర్చున్నాను. మూడున్నరకు ఐదున్నర కలిపితే రాత్రి తొమ్మిది. తొమ్మిదికి బట్టీ చల్లారి చాలాసేపవుతుంది. తొమ్మిదికి లేచి తెల్లవారి ఐదు దాకా దిగనిది ఏమిటో నాకు తోచడం లేదు. రేపు పొద్దున్న రాస్తాను.

జవాబు: లెక్చరర్, నెల్లిమర్ల దగ్గర

ఫిజిక్సు చెబుతాను కాబట్టి మీటరు లోపలి సంగతి రెండు ముక్కల్లో. ఇళ్లలో పెట్టే ఈ మీటర్లలో చిన్న ఫ్యాను గాలిని లోపలికి లాగుతుంది, లేజరు కాంతి రేణువుల మీద పడి చెదురుతుంది. ఆ చెదిరిన కాంతిని బట్టి బరువును అంచనా కడతారు. నిజంగా తూచేది ఏమీ ఉండదు. తేమ బాగా పెరిగినప్పుడు రేణువులు నీటిని పీల్చి ఉబ్బుతాయి, మీటరు వాటిని పెద్ద రేణువులని లెక్క వేస్తుంది. మన తీరంలో చలికాలం తెల్లవారుజామున మంచు పడుతుంటే రీడింగు ఉన్నదానికంటే ఎక్కువే చూపిస్తుంది. మీ ఫైలులో తేమకు ఒక నిలువు వరుస ఉంది కదా, అది 85 దాటిన నిమిషాలకు వేరే రంగు వేయండి. ఆ వేళల అంకెను పట్టుకుని ఎవరితోనూ పోట్లాడకండి.

యాప్‌లోని రంగుల్ని కూడా నమ్మకండి. చాలా యాప్‌లు అమెరికా గాలి నాణ్యత సూచీని వాడతాయి. పీఎం 2.5 అరవై ఉంటే మన సూచీలో అది 100, "సంతృప్తికరం". అమెరికా సూచీలో 150 దాటి ఎరుపు. గాలి ఒకటే, కొలబద్దలు వేరు. డాక్టరుకు సూచీ ఇవ్వకండి, ఘనపు మీటరుకు ఇన్ని మైక్రోగ్రాములు అన్న అసలు అంకె ఇవ్వండి.

తొమ్మిదింటి సంగతి తేలాలంటే సులువైన దారి ఒకటుంది. ఈ మధ్య మీరిద్దరూ ఇంటికి తాళం వేసి ఊరెళ్లిన రోజులు ఏమైనా ఉన్నాయా? మీటరు అప్పుడూ నడుస్తూనే ఉండి ఉంటుంది. ఆ రోజుల్లో ఏమున్నదో చూడండి.

జవాబు: రాజాం కుర్రాడు

మీ మూడో ప్రశ్నకు. పాత రీడింగులు పోయినట్టే బాబాయ్ గారూ. చోటు కలిసొస్తుందని కంపెనీ సర్వర్లు కొంతకాలం దాటాక నిమిషాల రీడింగుల్ని గంట సగటుగా కుదించి, అసలువి తీసేస్తాయి. అందులో మీ పోపు కనబడదు. పది నిమిషాలు 300, మిగతా యాభై నిమిషాలు 30 ఉంటే గంట సగటు 75 అని మాత్రమే మిగులుతుంది. ఎసరు ఎప్పుడు పెట్టారో, పోపు ఎప్పుడు వేశారో అందులో తెలియదు. కాబట్టి నెలనెలా తప్పకుండా దించుకోండి.

నేను ఇంట్లో రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ మీద, ఇంటి పరికరాల రీడింగుల్ని జమచేసే హోమ్ అసిస్టెంట్ అనే సాఫ్ట్‌వేర్ నడుపుతున్నాను. మీటరు ఇంటి వైఫైలోనే రీడింగులు ఇచ్చే రకమైతే, కంపెనీ సర్వర్ దయ లేకుండా మన దగ్గరే జమవుతాయి. మాన్యువల్‌లో ఎంక్యూటీటీ అనో, లోకల్ ఏపీఐ అనో (మీటరు ఇంట్లోని కంప్యూటర్‌కే రీడింగులు ఇచ్చే పద్ధతుల పేర్లు) ఉందేమో చూడండి. ఒక జాగ్రత్త: హోమ్ అసిస్టెంట్ కూడా మనం మార్చకపోతే వివరమైన రీడింగుల్ని పది రోజులే ఉంచి, తర్వాత గంట లెక్కలే మిగులుస్తుంది. ఆ పది రోజుల అంకెను పెంచుకోవడం నేను మరిచిపోయి, నిరుటి దీపావళి రీడింగులు పోగొట్టుకున్నాను.

ఎక్సెల్‌లో ఒక షీటుకు 10,48,576 వరుసలే పడతాయి. నిమిషానికొకటి చొప్పున రెండేళ్లకు 10,51,200. రెండేళ్లూ ఒకే షీటులో కుక్కితే చివరి రెండు రోజులు తెగిపోతాయి. ఏడాదికో ఫైలు పెట్టుకోండి.

జవాబు: పాత గార్డు, కాశీబుగ్గ

నాలుగు రోజులయింది. ఆలస్యానికి మన్నించండి. ఈసారి లెక్క చూసుకుని రాస్తున్నాను.

లెక్చరర్ గారు చెప్పినట్టు ఊరెళ్లిన రోజులు వెతికాను. గోడ క్యాలెండరు మీద రాసుకునే అలవాటు పోలేదు కాబట్టి వెంటనే దొరికాయి. పోయిన నెలలో మూడు రాత్రులు టెక్కలిలో మా అమ్మాయి ఇంట్లో ఉన్నాం. ఆ మూడు రోజులూ పోపు లేదు. తొమ్మిదింటికి లేచేదీ లేదు. బట్టీ మాత్రం నడిచింది, అక్కడ పనిచేసేవాళ్లను అడిగి తెలుసుకున్నాను. సాయంత్రం నాలుగు నుంచి ఆరు దాకా ముప్పై కాస్తా నలభై ఐదు అయింది. బట్టీ వాటా అంతే.

తొమ్మిదింటిది దోమల కాయిల్. రాత్రి భోజనాలయ్యాక మా ఆవిడ పడకగదిలో మంచం కిందే వెలిగిస్తుంది. ఎనిమిది గంటలు కాలుతుందని డబ్బా మీదే రాసి ఉంది. తొమ్మిదికి ఎనిమిది కలిపితే ఐదు. ఆరు నెలలుగా ఆ డబ్బా నేనే కొని తెస్తున్నాను. అనుమానం తీరక మీటరును ఒక రాత్రి పడకగదిలో పెట్టాను. హాల్లో తొంభై దాటనిది అక్కడ రెండు వందల నలభై చూపించింది. అప్పుడు తేమ డెబ్బై రెండే. అంటే మంచు మీదికి నెట్టేయడానికి కూడా వీలు లేదు.

మరుసటి రాత్రి కాయిల్ మానేసి, పాత దోమతెర దించి కట్టాను. మేకులు దొరక్క ఒక మూల కిటికీ ఊచకు, ఒక మూల బీరువా పిడికి. తెల్లవార్లూ పడకగదిలో నలభై దాటలేదు. నాలుగు గంటల వేళ మంచు దిగినప్పుడు మాత్రం అరవై దాకా వెళ్లింది. అప్పుడు తేమ తొంభై ఒకటి. దానికి రంగు వేసి పెట్టాను.

డాక్టరు గారికి ఈసారి ఒకే కాగితం ఇస్తున్నాను. ఎడమ పక్క గంట, మధ్యలో పీఎం 2.5, కుడి పక్క ఆ వేళ ఇంట్లో ఏమి జరుగుతోంది. గార్డు పుస్తకం రాసినట్టే రాశాను.

ఈ మధ్యాహ్నం బట్టీ యజమాని దగ్గరికి వెళ్లి తప్పు ఒప్పుకున్నాను. ఐదున్నర గంటల సంగతి ఆయనకు ఎంత చెప్పినా ఎక్కలేదు. కాయిల్ అనగానే ఎక్కింది. నవ్వి, కాగితంలో పొట్లం కట్టి పావుకిలో జీడిపప్పు బద్దలు చేతిలో పెట్టాడు. డబ్బు తీసుకోలేదు. ఇంటికి తెచ్చాక మా ఆవిడ అడిగిన మొదటి మాట, "డబ్బాలో ఇంకా ఆరు కాయిళ్లున్నాయి, వాటినేం చేద్దాం?"